చెరిపే మనిషి లేని ఓటు

పెళ్లయిన నలభై నాలుగేళ్లలో వెర్లిన్ హాగ్‌స్టాడ్ పదకొండు సార్లు దేశాధ్యక్షుడి ఎన్నికల్లో ఓటు వేశాడు. పదకొండూ గంగలో కలిశాయి. కలిపింది ఎవరో కాదు, కట్టుకున్న భార్య ఆర్డిస్. అతను ఎర్ర పార్టీ, ఆవిడ నీలం పార్టీ. ఇద్దరూ ఒకే ట్రక్కులో మా టౌన్‌హాలుకి వచ్చి, వరసలో ఒకరి వెనక ఒకరు నిలబడి, ఒకరి ఓటు ఒకరు కొట్టేసుకుని బయటికి వచ్చేవారు. మెట్ల మీద ఆగి గ్లవ్స్ తొడుక్కుంటూ ఆర్డిస్, "అయిపోయింది. నీది చెరిపేశాను. పద, ఆపిల్ పై తిందాం," అనేది. అక్కణ్నుంచి ఎదురుగా ఉన్న లూథరన్ చర్చికి వెళ్లేవారు. ఎన్నికల రోజున ఆ చర్చి ఆడవాళ్లు కాఫీ, హామ్ శాండ్‌విచ్‌లు, పళ్లు కూరి కాల్చిన రకరకాల పైలు పెడతారు.

ఈ మాత్రం దానికి ఇంట్లోనే కూచోవచ్చు కదా అని మా ఊళ్లో అనని వాళ్లు లేరు. ఇద్దరూ మానేస్తే లెక్క అక్కడికే వస్తుంది, పెట్రోలన్నా మిగులుతుంది. చెప్పి చూశాం. "ఆయన మానతానని మాటిచ్చి వెనక గుమ్మంలోంచి వెళ్లి వేసొస్తాడు," అనేది ఆవిడ. "అది నాకన్నా ముందే పోయి కూచుంటుంది," అనేవాడు ఈయన. నమ్మకం అంటే అలా ఉండాలి మరి!

వెర్లిన్ ముప్ఫై ఎనిమిదేళ్లు పాల ట్యాంకరు తోలాడు. తెల్లారకుండానే బయల్దేరి, ఒక్కో డెయిరీ దగ్గరా ఆగి, పాల తొట్టి మూత ఎత్తి, తల లోపలికి వంచి వాసన చూసేవాడు. బాగుంటేనే పైపు తగిలించేవాడు. పులిసిన వాసనో, ఆవులు అడవి ఉల్లి మేసిన వాసనో తగిలితే మూత వేసేసి, "వద్దు," అనేవాడు. ఒక తొట్టిలోని చెడిన పాలు ట్యాంకరులో పడితే మిగతా పన్నెండు మందివీ పాడవుతాయి. రైతులు తిట్టేవారు, బతిమాలేవారు, ఒకాయన పార పట్టుకుని వెంటపడ్డాడు కూడా. మనిషి మెత్తనే గానీ ముక్కు దగ్గర మాత్రం మొండివాడు.

అంతటి మొండి మనిషీ ఓటు దగ్గరికి వచ్చేసరికి చిన్నపిల్లాడిలా వేసేసేవాడు. బ్యాలెట్ పేపరు మీద ఎర్ర పార్టీ ఎక్కడుందో చూడటం, ఆ పేరు పక్కనున్న చిన్న గుండ్రం నల్లగా నింపెయ్యడం, అంతే. ఆ పేరుగల మనిషి ఎలాంటివాడో చదివిన పాపాన పోలేదు. ఎందుకు చదవాలి? ఎలాగూ వెనక ఆర్డిస్ ఉంది. తను పొరపాటు చేసినా ఆవిడ తుడిచేస్తుంది.

మొన్న మార్చిలో ఆర్డిస్ పోయింది. పోవడానికి వారం ముందు, కిటికీ పక్కన మంచం మీద పడుకుని, ఇతను సూప్ తాగిస్తుంటే ఉన్నట్టుండి అడిగింది.

"నవంబర్లో నీ ఓటు ఎవరు చెరుపుతారు?"

"ఎవరూ చెరపక్కర్లేదు. నాకు హాయి," అన్నాడు వెర్లిన్, నవ్వించడానికి.

ఆవిడ నవ్వలేదు. "అదే నా భయం. ఇన్నేళ్లూ నేనున్నానన్న ధైర్యంతో కళ్లు మూసుకుని గీసి పారేశావు. ఈసారి చూసి వెయ్యి. నా కోసం మా వాళ్లకి వెయ్యమనట్లేదు, అర్థమైందా? అలా గానీ చేశావో లేచొచ్చి మరీ తంతాను. కానీ వెయ్యడం మాత్రం మానకు. మాటివ్వు."

ఇచ్చాడు. ఆ మాట ఎంత బరువో అప్పుడు తెలియలేదు పాపం.

వేసవి పోయింది, మొక్కజొన్న కోతలు అయ్యాయి, ఊరంతా రెండు రంగుల బోర్డులు మొలిచాయి. వెర్లిన్ మొదటిసారి కూచుని పోటీలో ఉన్న ఇద్దరి గురించీ చదివాడు. చదివిన కొద్దీ మతి పోయింది. ఒకరికి నోరు ఆగదు, ఇంకొకరికి మాట నిలవదు. పొరుగున ఉండే డ్వేన్‌ని అడిగాడు. డ్వేన్ ఒకప్పుడు డెయిరీ నడిపినవాడు, నఖశిఖ పర్యంతం ఎర్ర పార్టీ మనిషి.

"మనవాడు మంచివాడేనంటావా?" అన్నాడు వెర్లిన్.

"మంచివాడని ఎవడన్నాడు? నా పశువుల కొట్టంలోకి కూడా రానివ్వను వాణ్ని. కానీ అవతలివాళ్లు వస్తే కొంప మునుగుతుందయ్యా!"

"అంటే ఏం చెయ్యమంటావు?"

"ముక్కు మూసుకుని వేసెయ్."

"నేను బతికిందే ముక్కు తెరిచి పెట్టుకుని కదా, డ్వేన్."

"నాకు తెలీదా? నా పాలు నాలుగుసార్లు పారబోయించావు. అప్పుడు చూపించావుగా నీ ముక్కు ప్రతాపం, ఈ ఒక్కసారికి సెలవియ్యి," అని డ్వేన్ పకపకా నవ్వాడు.

ఆర్డిస్ చెల్లెలు లవాన్ పక్క జిల్లాలో ఉంటుంది, నీలం పార్టీ. ఆవిడకి ఫోన్ చేశాడు.

"బావా, మావాళ్లని చూసి నాకూ తల కొట్టేసినట్టుంది. మా అక్క ఉంటే అదీ తిట్టేది," అంది లవాన్.

"మరి వేస్తున్నావుగా?"

"వెయ్యక? ఆ రెండోవాళ్లు గెలిస్తే ఏమైనా ఉందా! బావా, నువ్వు కూడా... మా అక్క మొహం చూసైనా..."

"మీ అక్క వద్దంది."

"అదొక పిచ్చిది," అని లవాన్ ఏడ్చేసింది. ఇతనూ ఏడ్చాడు. ఫోన్ పెట్టేశాక చూసుకుంటే అడిగిన దానికి జవాబు మాత్రం దొరకలేదు. ఎవరిని అడిగినా అవతలివాడు ఎంత చెడ్డో చెబుతున్నారు గానీ, ఫలానావాడు మంచివాడు, వెయ్యి అని ఒక్కడూ చెప్పడం లేదు.

ఎన్నికల రోజు మధ్యాహ్నం రెండింటికి వెర్లిన్ ఇస్త్రీ చొక్కా వేసుకుని టౌన్‌హాలుకి వచ్చాడు. బల్ల దగ్గర ఓటర్ల పుస్తకం ముందు పెట్టుకుని మావిస్ క్లెమెట్‌సన్ ఉంది. పాతికేళ్లుగా మా పోలింగు పెద్ద ఆవిడే. బుధవారం పేకాటలో ఆర్డిస్‌కి జోడీ కూడా ఆవిడే. సంతకం పెట్టమని పుస్తకం తిప్పింది. ఇన్నేళ్లూ వెర్లిన్ పేరుకి సరిగ్గా పై గీతలో ఆర్డిస్ పేరు ఉండేది. ఇప్పుడు అక్కడ హాగెన్ అని ఇంకెవరిదో ఉంది. వెర్లిన్ పెన్ను పట్టుకుని ఆ గీత వైపే చూస్తూ ఉండిపోయాడు.

"నాకూ పొద్దున్న పుస్తకం తెరవగానే అలాగే అయింది. కానియ్యి," అని మావిస్ బ్యాలెట్ చేతికిచ్చింది.

చెక్క అడ్డు వెనక్కి వెళ్లాడు. నిలబడ్డాడో లేదో చెయ్యి దాని పని అది చేసేసింది, ఎర్ర పార్టీ పక్కన గుండ్రం నల్లగా నిండిపోయింది. ఇంత చదివీ, ఇంతమందిని అడిగీ, చివరికి పాత అలవాటే గెలిచిందన్నమాట! తన మీద తనకే ఒళ్లు మండింది. ఓట్లు లెక్కపెట్టే మెషిన్ దాకా వెళ్లాడు, కాగితం సగం లోపలికి పెట్టాడు కూడా. వేళ్లు వదల్లేదు.

"అది కరవదు, వదులు," అంది మావిస్.

"ఇంకోటి ఇస్తావా?"

"పొరపాటు పడిందా?"

"ఏమో."

"ఏమో అంటే కుదరదు, పొరపాటైతేనే ఇవ్వాలి."

"అయితే పొరపాటే."

మావిస్ ఆ కాగితం మూల చింపి, పాడైన బ్యాలెట్లు వేసే కవరులో పడేసి రెండోది ఇచ్చింది. "మన రాష్ట్రంలో మనిషికి మూడు కాగితాలే, వెర్లిన్. గుర్తు పెట్టుకో."

ఈసారి నీలం వైపు పెన్ను తీసుకెళ్లాడు. ఆర్డిస్ ఓటు ఎవరూ వెయ్యకుండా పోతోంది కదా, అది అన్యాయం కదా అనిపించింది. నింపాడు. నింపగానే ఆవిడ గొంతు చెవిలో వినిపించినట్టయింది: వద్దన్నానా లేదా? నిజమే, ఇది ఆవిడ సంతకం దొంగతనంగా పెట్టడమే. మరి తనదో? కోపం వచ్చిందో, దుఃఖం వచ్చిందో అతనికే తెలియలేదు. ఎర్రది కూడా నింపేశాడు. హమ్మయ్య అనిపించింది. ఇంట్లోంచి ఎప్పుడూ వెళ్లేది ఇవే రెండు కదా. తీసుకెళ్లి మెషిన్‌లో పెట్టాడు. అది కీచుమని అరిచి కాగితాన్ని వెనక్కి కక్కేసింది.

వరసలో ఉన్న పదిమందీ తిరిగి చూశారు. వాళ్లలో డ్వేన్ కూడా ఉన్నాడు. "ఏమోయ్, అక్కడే ఇల్లు కడుతున్నావా?" అని కేకేశాడు.

మావిస్ లేచి వచ్చింది. కాగితం వైపు చూడకుండా మెషిన్ మీద వచ్చిన అక్షరాలు చదివింది. "అధ్యక్షుడి దగ్గర ఇద్దరికి వేశావట. అలా వేస్తే ఆ ఓటు ఎవరికీ పడదు. కావాలంటే వెనక్కి తీసుకో. లేదు, ఇలాగే పంపమంటే పంపేస్తా. కింద ఉన్న మిగతా పదవుల ఓట్లు లెక్కకి వస్తాయి, ఇదొక్కటీ రాదు."

"ఎవరికీ పడదా?"

"పడదు. నీ రెండూ ఒకదాన్నొకటి కొట్టేసుకుంటాయి."

వెర్లిన్‌కి ఆ మాట ఎంత హాయిగా వినిపించిందో చెప్పలేను. పదకొండు సార్లూ జరిగింది అదే. పంపెయ్యమంటే సరి, ఇంటి లెక్క ఇంటికి సరిపోతుంది, వెళ్లి పై తినవచ్చు. పంపెయ్ అనడానికి నోరు తెరిచాడు. నోట్లోంచి మాత్రం, "మాటిచ్చాను మావిస్," అని వచ్చింది.

"ఎవరికో నాకు తెలుసు," అంది మావిస్ మెల్లగా. "నాతోనూ చెప్పింది."

"నువ్వయితే ఏం చేస్తావు?"

"ఈ కుర్చీలో ఉన్నంతసేపూ నాకు నోరు లేదు. తెలిసి అడుగుతావేం?" అని మూల చింపి మూడోది ఇచ్చింది. ఆవిడ కళ్లు తడిగా ఉన్నాయి. "ఇదే ఆఖరు. దీని తర్వాత నువ్వు ఎంత ఏడ్చినా నా దగ్గర లేదు."

మూడో కాగితం పట్టుకుని వెర్లిన్ అడ్డు వెనక కుర్చీ లాక్కుని కూచున్నాడు. ఇటుపక్క పేరు చదివాడు, అటుపక్క పేరు చదివాడు. తనకు తెలియకుండానే కాగితం ముక్కు దాకా ఎత్తాడు. అచ్చు వాసన తప్ప ఏమీ లేదు.

"అదిగో, వాసన చూస్తున్నాడు!" అన్నాడు డ్వేన్. అందరూ నవ్వారు. మావిస్ నోరు మూసుకోమని చెయ్యి చూపించింది.

తొట్టి దగ్గరైతే ఎంత సుఖం! రెండు తొట్లూ బాగాలేకపోతే రెండూ వద్దని వెళ్లిపోయేవాడు, ట్యాంకరు ఖాళీగా పోయేది. తక్కువ పులిసింది ఏదో తేల్చమని ముప్ఫై ఎనిమిదేళ్లలో ఒక్కడూ అడగలేదు. ఇక్కడ తను వద్దన్నా అధ్యక్షుడి కుర్చీ ఖాళీగా ఉండదు. ఎవరో ఒకరు ఎక్కి కూచుంటారు, తను వేసినా, వెయ్యకపోయినా. తను వేసింది తప్పయితే ఆ తప్పు ఇక తనదే, సర్దేవాళ్లు ఎవరూ లేరు. అతనికి నిజంగా భయం వేసింది. డెబ్బై ఏళ్లు దాటిన మనిషి, మంచు మీద పాల ట్యాంకరు జారినప్పుడు కూడా అంత భయపడలేదు.

ఇరవై నిమిషాలు కూచున్నాడు. డ్వేన్ వేసేసి వెళ్లిపోయాడు. చివరికి ఒక గుండ్రం నింపాడు, నెమ్మదిగా, గీత దాటకుండా. ఏదన్నది ఈ రోజుకీ ఎవరికీ చెప్పలేదు. సరైనదే వేశావా అని అడిగితే, "నాకేం తెలుసు?" అంటాడు, మొహం మాడ్చుకుని. కాగితం తీసుకెళ్లి మెషిన్‌లో పెట్టాడు. ఈసారి అది కిక్కురుమనకుండా మింగేసింది.

"పడిందా?" అన్నాడు.

"పడింది," అంది మావిస్.

"ఇక తియ్యడానికి లేదా?"

"లేదు, వెర్లిన్."

బయటికి వచ్చాడు. ఎండ ఉంది గానీ గాలి చురుక్కుమంటోంది. మెట్ల మీద ఆగి గ్లవ్స్ తీశాడు. ఎడమ చేతిది తొడిగాడు, కుడి చేతిది తొడిగాడు. పక్కకి తిరిగి చూశాడు.

చర్చి గుమ్మంలోంచి డ్వేన్ పిలిచాడు. "రావేమయ్యా, ఆపిల్ పై అయిపోవస్తోంది!"

"వస్తున్నా. ఒక్క నిమిషం."

"ఎవరి కోసం ఆగావు?"

వెర్లిన్ గ్లవ్స్ వేలు వేలుకీ సర్దుకున్నాడు. ఇంకాసేపు అక్కడే నిలబడ్డాడు. చెరిపేశానని ఎవరూ అనలేదు. లోపల అతని ఓటు పడ్డది పడ్డట్టే ఉంది.