ఉంగరం లోపలి నలుపు

యునొసావా ఊళ్ళో వెండి ఉంగరంతో పెళ్ళయిన మనిషి మిత్సుయె ఒక్కతే. కొండ మీంచి గంధకపు వేడినీళ్ళు పాలలా తెల్లగా ఊరి నడుమకు దిగివచ్చే చోట వెండి కొనడమంటే కొరివితో తల గోక్కోవడమే. ఆ ఆవిరి తగిలినా చాలు, వారం తిరగకుండా వెండి రంగు మారుతుంది. నీళ్ళలోనే ముంచితే చూస్తుండగా నల్లబడుతుంది. చంటిపిల్లలకు కూడా తెలిసిన ఈ సంగతి ఆమె మొగుడు దెన్జొకు తెలియదా అంటే, ఊరందరి కంటే అతనికే ఎక్కువ తెలియాలి. అతను ఆ నీళ్ళకు కాపరి. ఊట దగ్గర్నుంచి స్నానశాల తొట్టి దాకా చెక్క గొట్టాల్లో పేరుకునే గంధకాన్ని గోకి తీయడం, నీళ్ళ వేడి చూసి అడ్డుపలకలు ఎత్తడం, దించడం అతని పని. అలాంటివాడు ముప్పయ్యేడేళ్ళ క్రితం పట్నం వెళ్ళి, కొట్లో ఉన్నవన్నీ చూసి, ఏరి కోరి వెండి ఉంగరం పట్టుకొచ్చాడు.

"నల్లబడుతుందిగా!" అంది కొత్త పెళ్ళికూతురు.

"నల్లబడితే తోముకో. గిన్నెలు తోముకోవడంలా?" అన్నాడు.

ఉంగరం లోపలివైపు మేకు మొనతో తనే మూడు వంకర గీతలు గీశాడు. వేడినీళ్ళ ఊళ్ళన్నిటికీ అదే గుర్తు, తొట్టిలోంచి లేచే మూడు ఆవిరి గీతలు. పేరు చెక్కొచ్చు కదా అని మిత్సుయె అడిగితే, "నా దస్తూరీ చూస్తే మీవాళ్ళు నిన్ను వెనక్కి తీసుకుపోతారు" అని నవ్వాడు. అది వేళాకోళం కాదు. ఆ మనిషి బతుకులో ఒక ఉత్తరం ముక్క రాసి ఎరగడు. సంతకం పెట్టాల్సిన ప్రతిచోటా పేరున్న ముద్ర గుద్దేవాడు. మూడేళ్ళ కిందట గుండె ఆగి పోయాడు. అతని చేత్తో గీసినవి లోకంలో ఆ మూడు గీతలే మిగిలాయి.

పెళ్ళయిన ఏటి నుంచీ మిత్సుయె ఆ స్నానశాల గల్లా బల్ల వెనకాలే కూర్చుంది. ఎడమవైపు ఆడవాళ్ళ గుమ్మం, కుడివైపు మగవాళ్ళ గుమ్మం, మధ్యలో ఆమె, ఆమె ముందు ఒక పింగాణీ గిన్నె. ఆ గిన్నె ఉంగరాలకు. గోడ మీద "ఉంగరాలు తీసి దిగండి" అని ఆమె స్వయంగా రాసిన పలక వేలాడుతుంది. అయినా పట్నం వాళ్ళు చదివితేగా! నల్లబడిన ఉంగరం చేత్తో పట్టుకుని, తువ్వాలు సరిగా చుట్టుకోకుండానే, లబోదిబోమంటూ బయటికొచ్చే కొత్త పెళ్ళికూతుళ్ళను ఆమె వందలమందిని చూసింది. ఒక్కరినీ తిట్టలేదు. చిన్న గిన్నెలో అడుగున అల్యూమినియం కాగితం పరిచి, వంటసోడా చల్లి, మరిగే నీళ్ళు పోసి, ఉంగరం ఆ కాగితానికి ఆనేలా వేసేది. గుప్పున కుళ్ళిన గుడ్ల వాసన కొట్టేది. మిత్సుయె ఉడికిన గుడ్డు ఒకటి ఆ పిల్ల చేతిలో పెట్టి, "ఇది తినేలోపు నీ మొగుడు నీకు తిరిగొస్తాడు" అనేది. నిజంగానే గుడ్డు పూర్తయ్యేసరికి నలుపు విడిచి, ఉంగరం తేటగా తేలేది.

తన ఉంగరానికి మాత్రం ఆమె ఆ వైద్యం చేయలేదు. రోజూ పొద్దున పాత పత్తిగుడ్డను తడిపి, చిటికెడు సోడా అద్ది, బయటివైపు నాలుగుసార్లు మెల్లగా తుడిచేది. లోపలివైపు జోలికి వెళ్ళేది కాదు. నలుపంతా ఆ మూడు గీతల్లో దిగి కూర్చుంది కాబట్టే అవి కాటుక పెట్టినట్టు స్పష్టంగా కనబడేవి. బయట మెరవాలి, లోపల నల్లగా ఉండాలి. ముప్పయ్యేడేళ్ళలో ఆ ఉంగరానికి జరిగిన సేవ అంతే, దానికి కావలసిందీ అంతే.

ఇంతలో స్నానశాల నిర్వహణ ఎవరో కంపెనీ చేతికి వెళ్ళి, కురాతా అనే కుర్ర మేనేజరు దిగబడ్డాడు. చెడ్డవాడైతే బాగుండేది, వీడు మంచివాడు. మంచి చేసే ముందు అవతలివాళ్ళను ఒక్క మాట అడగాలని తెలియని మంచివాడు. అలాంటి వాడితో వేగడం చెడ్డవాడితో వేగడం కంటే కష్టం. స్నానశాలకు కొత్త కరపత్రం వేయిస్తున్నాడు. మిత్సుయె చేతులు బల్ల మీద తువ్వాలు అందిస్తున్నట్టు పెద్ద ఫొటో వేద్దామనుకున్నాడు.

"మీ చేతుల్లో ఊరి చరిత్ర ఉందండీ మిత్సుయెగారూ" అన్నాడు. అని, ఉంగరం వంక చూశాడు. అంచుల్లో నలుపు కనబడింది కాబోలు.

మంగళవారం తొట్టి కడిగే రోజు. మిత్సుయె అలవాటుగా ఉంగరం తీసి పింగాణీ గిన్నెలో పెట్టి, బ్రష్షు పుచ్చుకుని లోపలికి వెళ్ళింది. తిరిగొచ్చేసరికి గిన్నె ఖాళీ.

ఆ తర్వాత నాలుగు రోజులు ఆమె ఎలా గడిపిందో ఎవరినడిగినా చెబుతారు. తూముల మీది జాలీలు ఊడదీసింది. మోకాళ్ళ మీద పాకుతూ బట్టలు మార్చుకునే గది నేల పలకల సందులన్నీ పుల్లతో గెలికింది. గొట్టం చివర పేరుకున్న గంధకపు మడ్డిని చేటలో పోసి, బియ్యంలో రాళ్ళేరినట్టు ఏరింది. కురాతా ఆ నాలుగు రోజులూ ఆమె పక్కనుంచే అటూ ఇటూ తిరిగాడు. రెండుసార్లు టార్చిలైటు కూడా పట్టుకున్నాడు!

శనివారం మధ్యాహ్నం రిబ్బను కట్టిన చిన్న పెట్టె తెచ్చి బల్ల మీద పెట్టాడు.

"ముందే చెబితే సరదా ఉండదని చెప్పలేదండీ. పట్నంలో మంచి కొట్టులో ఇచ్చాను. చూడండి, పెళ్ళినాటి కంటే బాగా చేశారు!"

మిత్సుయె పెట్టె తెరిచింది. ఉంగరం ధగధగలాడుతోంది. ఆమె బయటివైపు చూడనేలేదు, వెలుగులోకి తిప్పి లోపలికి చూసింది. అద్దంలా నున్నగా ఉంది. తన కన్నే తనకు కనబడింది.

"గీతలేవి?"

"ఏ గీతలండీ?"

"లోపల మూడు గీతలుండాలి."

"ఓ, అవా! లోపల బాగా గీరుకుపోయి ఉందని వాళ్ళే అన్నారండీ. అదనంగా ఏమీ తీసుకోకుండా అంతా సాపు చేసేశారు."

స్నానానికి వచ్చిన హమా అవ్వ అక్కడే ఉంది. ఎనభైనాలుగేళ్ళది, ఊళ్ళో ఎవరికీ భయపడదు. "ఒరే అబ్బాయ్, మీ ఆవిడ మొహం మీద మచ్చుంటే చెక్కించుకొస్తావా?" అంది.

మిత్సుయె ఉంగరం వేలికి తొడుక్కుంటే వదులుగా జారింది. మర్నాడు పొద్దున మొదటి బస్సెక్కి పట్నం వెళ్ళింది.

కొట్టు యజమాని ఒరిహారా తల నెరిసిన మనిషి, ముక్కు మీద భూతద్దం. ఉంగరం చూడగానే గుర్తుపట్టి మురిసిపోయాడు.

"కూర్చోండమ్మా. ఇది నేనే దగ్గరుండి చేశాను. వచ్చినప్పుడు ఎంత నల్లగా ఉందో! పాపం, ఏళ్ళ తరబడి ఎవరూ పట్టించుకోలేదు."

ఆ మాటతో మిత్సుయెకు ఒళ్ళు మండిపోయింది.

"పట్టించుకోలేదా? ముప్పయ్యేడేళ్ళు రోజూ పొద్దున్నే పట్టించుకున్నానయ్యా! నలుపు తియ్యడం నాకు రాదనుకున్నావా? మీ పట్నం ఆడపిల్లల ఉంగరాలు వందలు బాగు చేశాను. సోడా నీళ్ళలో వేస్తే నలుపు మళ్ళీ వెండే అవుతుంది, ఒక్క నలుసు పోదు. నువ్వేం చేశావు? మెరుగుపెట్టే చక్రానికి పెట్టి అరగదీశావు. నలుపు తియ్యడం వేరు, వెండి తియ్యడం వేరు. ఇన్నేళ్ళ పనిమంతుడివి, ఆ తేడా తెలీదా?"

ఒరిహారా భూతద్దం తీసేశాడు. "లోపలివి మామూలు గీట్లనుకున్నానమ్మా. అక్షరాలైతే ముట్టుకునేవాణ్ణి కాదు."

"మా ఆయనకు అక్షరాలు రావు. అందుకని అరగదీసేస్తావా?"

ఆయన తలొంచుకుని, "మీరు కాగితం మీద గీసి చూపించండి. మిషను మీద అచ్చం అలాగే చెక్కిస్తాను. వెంట్రుకవాసి తేడా రాదు" అన్నాడు.

"మిషను మా ఆయనా?"

మిత్సుయె చక్రం వైపు చూసింది. దాని కింద ఒక సొరుగు ఉంది.

"అరిగిన వెండి ఎక్కడికి పోతుంది?"

ఆయన మొహమాటపడుతూనే సొరుగు లాగాడు. నిండా బూడిదరంగు దుమ్ము. ఏడాదికోసారి కరిగించడానికి పంపుతామని చెప్పాడు.

"ఇందులో నాదేది?"

"ఎలా చెప్పగలనమ్మా... ఎందరివో కలిసిపోయాయి."

ఆ దుమ్ములో వేలు పెట్టబోయి ఆగిపోయింది. ఎవరెవరి మొగుళ్ళో అందులో ఉన్నారు. సొరుగు తనే మూసి, లేచి వచ్చేసింది. బస్సులో దారి పొడవునా ఆమె కళ్ళు తుడుచుకుంటూనే ఉంది. పక్క సీటావిడ పరామర్శిస్తే, "ఏడుపు కాదండీ, కోపం" అంది.

సాయంత్రం ఎండ కిటికీలోంచి తొట్టి మీద పడుతున్నప్పుడు మిత్సుయె ఆడవాళ్ళ వైపు వచ్చింది. ఒళ్ళు కడుక్కుంది. తను రాసిన పలక కిందుగానే నడిచి, వేలికి ఉంగరంతో తొట్టిలోకి దిగింది.

అప్పటికే గొంతుదాకా మునిగి ఉన్న హమా అవ్వ కెవ్వుమంది. "ఒసే, నీకేమైనా మతిపోయిందా? ఉంగరమే, ఉంగరం!"

"తెలుసవ్వా."

"ఊరందరికీ చెప్పేదానివి నువ్వు!"

"ఊరందరికీ చెప్పాను. ఇది నా ఉంగరం."

చెయ్యి తెల్లటి నీళ్ళలో ముంచి ఉంచింది. ఎత్తి చూస్తే ముందు పసుపుపచ్చగా తిరిగింది. మళ్ళీ ముంచింది. గోధుమరంగు, తర్వాత నీలం, ఆఖరికి కుంపటి మీద మర్చిపోయిన మూకుడంత నలుపు. కొట్టువాడి మెరుగంతా కాసేపట్లో మాయమైంది. ఒడ్డున కూర్చుని ఉంగరం తీసి, ఎన్నడూ ముట్టని లోపలివైపును తువ్వాలు కొసతో ఒక్కసారి, ఊపిరి బిగబట్టి తుడిచింది. పైనలుపు పోయింది. మధ్యలో సన్నగా, వంకరగా, ఒక గీత నల్లగా నిలిచింది. దెన్జొ మేకును నడిమి గీత దగ్గర గట్టిగా నొక్కినట్టున్నాడు.

హమా అవ్వ కళ్ళు చికిలించి చూసింది. "ఒకటే ఉంది. మిగతా రెండూ?"

"పట్నంలో, దుమ్ము సొరుగులో ఉన్నాయవ్వా."

అవ్వ చెంబుతో వేడినీళ్ళు ముంచి మిత్సుయె భుజాల మీద పోసింది. ఉంగరం జారిపోకుండా మిత్సుయె వేలికి ఎర్రదారం రెండు చుట్లు చుట్టుకుంది.

మర్నాడు ఫొటోగ్రాఫరు వచ్చాడు. బల్ల మీద తువ్వాలు మడిచి పెట్టి, ఉంగరమున్న ఎడమచెయ్యి పైన పెట్టుకుని మిత్సుయె కూర్చుంది. కెమెరాలోంచి చూసిన మనిషి తలెత్తి కురాతా వంక చూశాడు. కురాతా మొహం పాలిపోయింది.

"అయ్యో, మళ్ళీ నల్లబడిపోయిందేంటండీ! ఇంకోసారి పంపించనా?"

"ముట్టుకున్నావంటే ఈసారి నిన్నే తొట్టిలో ముంచుతాను."

కురాతా వెనక్కి తగ్గాడు. గొంతు సవరించుకుని బతిమాలుతున్నట్టు అడిగాడు. "పోనీ, ఆ చెయ్యి కిందికి తీసి, కుడిచెయ్యి పైకి పెట్టండి మిత్సుయెగారూ. ఫొటోలో ఏ చెయ్యైతే ఏం?"

మిత్సుయె చెయ్యి కదపలేదు.

"కుడిచేతికి పెళ్ళి కాలేదు బాబూ" అంది.