గోటి మీద రంగు

ఈ ఉదయం లిఫ్టు కిందికి దిగి తలుపు తెరుచుకోగానే మగ్గిన అరటిపండు వాసన వచ్చింది. సీతమ్మధారలో మా అపార్ట్‌మెంటు సెల్లారులో అరటిపళ్ళు ఎవరూ పెట్టరు. మూలనున్న కారు తలుపుకి ఎవరో రంగు వేయిస్తున్నారు, ఆ థిన్నరు వాసన అది. థిన్నరు అరటిపండులా ఉంటుందంటే ఈ కాలం వాళ్ళు నవ్వుతారు; పాత రకం కారు రంగులు పీల్చి పెరిగినవాళ్ళకి మాత్రం వివరించి చెప్పనక్కర్లేదు. పాల ప్యాకెట్టు కోసం దిగినదాన్ని, ఆ సంగతి మరిచిపోయి కాసేపు అక్కడే నిలబడ్డాను.

మా నాన్న పోర్టులో టాలీ గుమస్తా. ఓడలోంచి దిగే సరుకు, ఓడలోకి ఎక్కే సరుకు చూసి రాసుకోవడం ఆయన పని. గోదావరి జిల్లా నుంచి ఆ ఉద్యోగం కోసమే వచ్చి, పోర్టు క్వార్టర్సులో కాపురం పెట్టారు. నా బాల్యమంతా అక్కడే గడిచింది, డెబ్బైల చివరినుంచి ఎనభైల చివరిదాకా. ఆ క్వార్టర్సులో దండెం మీద ఆరేసిన తెల్ల పంచెకి సాయంత్రమయ్యేసరికి ఇనుప ఖనిజం దుమ్ము పట్టి ఎర్రజీర తేలేది. ఉప్పుగాలికి కిటికీ ఊచలు, తలుపు గడియలు, సైకిలు రిమ్ములు పొరలు పొరలుగా తుప్పు రాలేవి. వేసవిలో గంపల్లో జీడిమామిడి పళ్ళు వచ్చేవి, వాటి పసరు పడి గౌన్ల మీద మచ్చలయ్యేవి, అమ్మ తిట్టేది. కార్తీకంలో తుఫాను గాలికి రేకులు లేచిపోతే, వాన వెలిశాక పిల్లలమంతా ఎవరి రేకు ఎక్కడ పడిందో వెతుక్కుంటూ తిరిగేవాళ్ళం. మా ఆటల్లో ఒకటి, క్వార్టర్సు ప్రహరీ వెనక రోడ్డు కనపడకుండా కూర్చుని, వచ్చే బండి ఏదో చప్పుడుని బట్టి చెప్పడం. అంబాసిడర్ దగ్గుతూ వచ్చేది, ఫియట్ ముక్కుతో మాట్లాడినట్టు సన్నగా వచ్చేది, జీపు పళ్ళు కొరికేది. ఆ ఆటలో నన్ను ఓడించినవాళ్ళు లేరు. నాన్న కూతురివి కదా అనేవాళ్ళు.

నాన్నకి కారు లేదు, కొనాలన్న ఆలోచనా లేదు. ఆయనకున్నది సైకిలు. కానీ కార్ల మీద ఆయనకున్నన్ని అభిప్రాయాలు కార్లున్నవాళ్ళలో నేను చూడలేదు. ఆదివారం పొద్దున్న పెసరట్లు తినగానే నన్ను సైకిలు ముందు కడ్డీ మీద కూర్చోబెట్టుకుని వన్‌టౌన్‌లో గఫార్ మావయ్య షెడ్డుకి బయల్దేరేవారు. గఫార్ మావయ్య కార్లకి రంగులు వేసేవాడు. పొడుగ్గా, కొంచెం వంగి, ఎప్పుడూ ఒక కన్ను చికిలించి ఉండేవాడు. పాత రంగుకి కొత్త రంగు సరిపోయిందో లేదో చూడటానికి ఎడమ చేతి బొటనవేలి గోటి మీద చుక్క వేసుకుని, నీడలో కారు పక్కన పెట్టి చూసేవాడు. ఆ రంగు వారమంతా గోటి మీదే ఉండేది. ఆదివారం మేము వెళ్ళగానే నేను మొదట ఆ గోరు చూసేదాన్ని. గోరు బూడిదరంగులో ఉంటే ఆ వారం ఏదో ఆఫీసు కారు వచ్చిందన్నమాట, తెల్లగా ఉంటే డాక్టరుగారిది.

ఆ డాక్టరుగారి కారు తోలే అప్పల్రాజు కూడా ఆదివారం అక్కడికి వచ్చేవాడు. రంగు డబ్బాలు బోర్లించుకుని ముగ్గురూ కూర్చునేవాళ్ళు. పక్క వీధిలోంచి బన్ను కాలుతున్న వాసన, ఇంకో పక్కనుంచి ఎండుచేపల వాసన, మధ్యలో ఈ థిన్నరు. నాన్న ఫియట్ పక్షం, గఫార్ మావయ్య అంబాసిడర్ పక్షం.

“అంబాసిడరంటే ఇల్లు సారూ. దానికున్నన్ని వంపులు ఇంకే బండికున్నాయి సెప్పండి? ఫియటు డబ్బా. డబ్బాకి ఎవడైనా రంగేత్తాడు,” అనేవాడు గఫార్ మావయ్య.

“ఇల్లు ఇంటి దగ్గరుండాలి గానీ రోడ్డు మీద ఎందుకోయ్?” అనేవారు నాన్న.

అప్పల్రాజు ఇద్దర్నీ చూసి నవ్వేవాడు. “తోలీవోణ్ణి నాను. నన్నొక్కడైనా అడిగేడా? అంబాసిడరు గేరెయ్యాలంటే ముందు దణ్ణమెట్టాల బావా, అప్పుడు గాని పడదు.”

ఓడల మీద వచ్చే ఆఫీసర్లు చదివి పారేసిన విదేశీ మోటారు పత్రికలు వన్‌టౌన్‌లో పాత కాగితాల కొట్లో తూకానికి దొరికేవి. నాన్న వాటిని కట్టలుగా తెచ్చేవారు. వాటిలో ఆయనకి ఇష్టమైనవి అమ్మకానికి పెట్టిన కార్లు కాదు. కంపెనీలు ఒక్కటే తయారుచేసి, ప్రదర్శనలో తిప్పి, మళ్ళీ లోపల దాచేసే కార్లు. నాన్న వాటిని రాబోయే కార్లు అనేవారు. తలుపులు పక్షి రెక్కల్లా పైకి లేచేవి, చక్రాలు కనపడనివి, పైకప్పు మొత్తం అద్దమే అయినవి. నాన్న ఇంగ్లీషులో చదివి తెలుగులో చెబుతుంటే మిగిలిన ఇద్దరూ తీర్పులు చెప్పేవాళ్ళు. అద్దం కప్పయితే మన ఊరి ఎండకి లోపల మనిషి ఉడికిపోడా అని గఫార్ మావయ్య, చక్రం అగుపడకపోతే గాలి ఎలాగ కొడతారని అప్పల్రాజు. ఏ కారుకైనా ఈ ఊళ్ళో శత్రువు సముద్రమేనని, తలుపు అడుగున తుప్పు చూస్తే ఎన్నేళ్ళ బండో తెలిసిపోతుందని, ఇనుము లేని కారు వస్తేనే విశాఖపట్నానికి పనికొస్తుందని ముగ్గురూ ఒప్పుకునేవాళ్ళు. వాళ్ళు ఒప్పుకున్న సంగతి అదొక్కటే. నలుపు తెలుపు బొమ్మలు వచ్చినప్పుడు గఫార్ మావయ్య తప్పకుండా అడిగేవాడు: “రంగేటి సారూ?” నాన్న బొమ్మ కింద రాసింది వెతికి చెప్పేవారు. అతనికి చదవడం రాదు. అది అందరికీ తెలుసు, ఎవరూ అనలేదు.

నాకు పదకొండో ఏడు నడుస్తుండగా మా వరసలో మొదటి టీవీ మా ఇంటికి వచ్చింది. నలుపు తెలుపు టీవీ. కళ్ళకి మంచిదని ఎవరో చెబితే దాని ముందు నీలం ప్లాస్టిక్ అద్దం తగిలించారు. ఒకరోజు సాయంత్రం ఎక్కడో పరాయి దేశంలో జరిగిన కార్ల ప్రదర్శన చూపిస్తారని తెలిసి నాన్న గఫార్ మావయ్యకీ అప్పల్రాజుకీ కబురు పెట్టారు. ఇరుగుపొరుగు కూడా వచ్చి చాప మీద కూర్చున్నారు. కార్ల వంతు రెండు నిమిషాలు కూడా లేదు. గుండ్రంగా తిరిగే అరుగు మీద ఒక రాబోయే కారు నెమ్మదిగా తిరిగింది. ముక్కు కిందికి దిగి, వీపు పైకి లేచి, కూర్చున్న పిల్లిలా ఉంది. బొమ్మ మారిపోయాక గఫార్ మావయ్య ఊపిరి వదిలి, “ఎరుపు” అన్నాడు.

“ఆకుపచ్చ,” అన్నారు నాన్న.

“కాదు సారూ. పచ్చయితే వంపుకాడ లేతగా అగుపడాల. ఇది నల్లబడిపోయింది. ఎరుపే.”

“అద్దం నీలం గదేటి, కారూ నీలమే,” అన్నాడు అప్పల్రాజు. అందరూ నవ్వారు. అక్కడితో ఆగిపోయి ఉండాల్సింది.

ఆ దేశం వాళ్ళు పోటీ కార్లకి పచ్చే వేస్తారని నాన్న వాదించారు. ఇది పోటీ కారు కాదు కదా అన్నాడు గఫార్ మావయ్య. గొంతులు పెరిగాయి. “మనం ఎక్కుతామా ఏంటండీ, ఏ రంగైతే ఏం?” అంది వంటింట్లోంచి అమ్మ. ఇరుగుపొరుగు గఫార్ వైపు తలలాడించడం చూసి కాబోలు, నాన్న అనేశారు:

“బొమ్మలు చూసేవాడివి, నీకేం తెలుసోయ్? చదవడం వస్తే కదా!”

గఫార్ మావయ్య చేతిలో టీ గ్లాసు ఉంది. అందులో ఇంకా టీ ఉంది. దాన్ని కిటికీలో పెట్టి, “నిజమేనండి,” అని లేచి చెప్పులు వేసుకున్నాడు.

ఆ తర్వాతి ఆదివారం పెసరట్లు తిన్నాక నాన్న సైకిలు తుడిచారు, గాలి చూశారు, మళ్ళీ గోడకి ఆనించి పేపరు పట్టుకుని కూర్చున్నారు. అలా ఎన్నో ఆదివారాలు. ఎండాకాలంలో రంజాన్ వచ్చింది. ఏటా గఫార్ మావయ్య ఇంటినుంచి మూత మీద బట్ట కట్టి వచ్చే షీర్ ఖుర్మా పాయసం గిన్నె ఆ ఏడు రాలేదు. అమ్మ పొద్దుటినుంచి వీధి గుమ్మం వైపు రెండు మూడుసార్లు చూసింది. నాన్న మాత్రం పత్రికల కట్టలు తెస్తూనే ఉన్నారు. ఇంట్లో ఒక్కరే, పెదాలు కదలకుండా చదువుకునేవారు. తప్పు నాదని నాన్న ఎవరితోనైనా అనగా నేనెప్పుడూ వినలేదు. అందుకని గఫార్ మావయ్య ఇక రాడని నాకు నేనే ఖాయం చేసుకున్నాను.

బడులు తెరిచాక ఒకరోజు ఇంగ్లీషు మాటకి అర్థం కోసం నాన్న నిఘంటువు తీశాను. అందులోంచి నాలుగు మడతలు పెట్టిన కాగితం జారింది. పత్రికలోంచి బ్లేడుతో జాగ్రత్తగా కోసిన పేజీ. విప్పితే ఆ కారే. ముక్కు దించి, వీపు లేపి, అదే అరుగు మీద. టమాటా పండు రంగులో, మెరుస్తూ. బొమ్మ కింద కూడా ఎరుపని రాసి ఉంది.

నాన్నకి తెలుసు. ఎన్నాళ్ళనుంచి తెలుసో నాకు తెలియదు.

మా బడి వన్‌టౌన్‌లోనే. మర్నాడు బడి వదలగానే ఆ పేజీ లెక్కల పుస్తకంలో పెట్టుకుని షెడ్డుకి వెళ్ళాను. గఫార్ మావయ్య నన్ను చూసి చేతిలో ఉన్న రంగు చిమ్మే గన్ను కింద పెట్టాడు. పేజీ ఇస్తే, ముందు చేతులు రెండూ గుడ్డతో తుడుచుకుని, అంచులు పట్టుకుని విప్పాడు. చాలాసేపు చూశాడు.

“ఏటి రాసుందమ్మా?”

“ఎరుపని రాసుంది మావయ్యా.”

అతను నవ్వలేదు. నేను చెప్పానా అనలేదు. డబ్బా మీద కూర్చుని, “సారు పంపేరా?” అని అడిగాడు.

అడుగుతున్నప్పుడు అతని ముఖం ఎలా ఉందంటే, దానికి కాదని చెప్పడం నాకు చేతకాలేదు. తలూపాను.

“సారే పంపేరు,” అన్నాడు తనలో తను. ఆ తర్వాత, “నాను సూసేనని సారుకి సెప్పీకు. ఆయన మొహమాటపడిపోతారు. ఆదోరం నానే వత్తాను,” అన్నాడు. పేజీ తన దగ్గరే ఉంచుకున్నాడు.

అన్నట్టే ఆదివారం వచ్చాడు. వెంట అప్పల్రాజు. ఆ రోజు టీవీ చూసిన పక్కింటివాళ్ళు కూడా మెట్ల మీదే ఉన్నారు. గఫార్ మావయ్య గుమ్మంలో నిలబడి అందరికీ వినబడేట్టు, “సారూ, ఆయాల నాను తప్పు సూసేను. అది పచ్చే. మీరన్నదే రైటు,” అన్నాడు. నేను అలవాటుగా గోరు చూశాను. గోరు ఎర్రగా ఉంది, ఆ పేజీలో ఉన్న ఎరుపే, కొంచెం కూడా తేడా లేకుండా.

నాన్న పేపరు దించలేదు. ఆయనకి ఆ గోరు కనపడిందో లేదో నేను చెప్పలేను. చివరికి, “పోనీలే గఫార్. కూర్చో,” అన్నారు.

అమ్మ టీ ఇచ్చింది. అప్పల్రాజు ఏదో హాస్యమాడాడు. నాకు ఎంత సంతోషమైందో చెప్పలేను. సాయంత్రం నాన్న నిఘంటువు తీసి, పేజీలు తిప్పి, తలకిందులుగా పట్టుకుని దులపడం చూసేదాకా ఆ సంతోషం ఉంది. ఆయన నా వైపు ఒకసారి చూశారు. పుస్తకాన్ని మళ్ళీ అలమరలో పెట్టేశారు.

ఆదివారాలు మళ్ళీ మొదలయ్యాయి. షెడ్డు అదే, డబ్బాలు అవే, అరటిపండు వాసన అదే. నాన్న అంబాసిడర్‌లో మంచి వెతికేవారు, గఫార్ మావయ్య ఫియట్‌ని పొగిడేవాడు. “మీరన్నదే సారూ” అని అతను, “కాదు గఫార్, నువ్వు చెప్పిందే సబబు” అని ఈయన. పత్రికలో రాబోయే కారు బొమ్మ వస్తే రంగేమిటని అతను అడిగేవాడు కాదు. అడగకుండానే నాన్న చదివేసేవారు. అప్పల్రాజు కొన్ని వారాలు చూసి, “ఏటి బావా, ఇద్దరూ కొత్త వియ్యంకుల్లాగ మాటాడుకుంతన్నారు? కారు మీద ఒక్క తిట్టైనా తిట్టండి, ఇనాలనుంది,” అన్నాడు. ఇద్దరూ మర్యాదగా నవ్వారు. కొన్నాళ్ళకి అప్పల్రాజు రావడం తగ్గించాడు. తర్వాత మేము వెళ్ళడం తగ్గింది. ఒకరు గౌరవం కొద్దీ, ఒకరు సిగ్గు కొద్దీ వాదన మానేశారని, ఆ రెండింటికీ మూలం నేనూపిన తల అని అర్థం కావడానికి నాకు చాలా ఏళ్ళు పట్టింది. రంగుల టీవీ వచ్చాక కార్లు ఏ రంగువి ఆ రంగులోనే కనపడేవి. వాటిని చూడటానికి మా ఇంటికి ఎవరూ రాలేదు.

నాన్న రిటైరై పెందుర్తిలో ఉండగా పోయారు. పదకొండో రోజున గఫార్ మావయ్య వచ్చాడు. అప్పటికి అతను చెయ్యి పట్టుకుని నడిపిస్తే గాని నడవలేడు. జేబులోంచి కాగితం తీసి నాకిచ్చాడు.

“సారు ఈయేపొచ్చేసేక షెడ్డు గోడకి అంటించుకున్నానమ్మా. ఎండకి ఎలిసిపోయింది. నాలుగచ్చరం ముక్కలొచ్చినోడు, తన తప్పని ఒప్పుకుంతా కూతురి చేత పంపేరు. ఎవడు పంపుతాడమ్మా? నా పిల్లలకీ అదే సెప్తన్నాను.”

చెప్పాల్సింది అప్పుడే. నా నోటిదాకా వచ్చింది కూడా. లోపల ఫోటోలో నాన్న ఉన్నారు, ఎదురుగా ఇతనున్నాడు. రెండోసారి తలూపాను. ఆ తర్వాత రెండేళ్ళకి అతనూ పోయాడు.

సెల్లారులో రంగు వేస్తున్నాయనని, ఏం రంగు బాబూ అని అడిగాను. ఏదో నంబరు చెప్పాడు. రంగు పేరేమిటంటే, “పేరెందుకు మేడం, నంబరు కొడితే మిషనే కలిపెత్తాది,” అన్నాడు. అతని గోళ్ళు శుభ్రంగా ఉన్నాయి.

పాలు తీసుకుని పైకి వచ్చి, బీరువాలో చీరల అడుగునుంచి ఆ పేజీ తీశాను. ఎరుపంతా ఎండ తినేసింది. బొమ్మ కింద అక్షరాలు కూడా పోయాయి. బూడిదరంగు కారు, బూడిదరంగు అరుగు, అచ్చం ఆ సాయంత్రం మా టీవీలో ఉన్నట్టే. అప్పల్రాజు ఇంకా ఉన్నాడు; అతనికి అది పచ్చ. ఆ సాయంత్రం టీవీ చూసినవాళ్ళలో ఎరుపని తెలిసినదాన్ని నేనొక్కదాన్నే మిగిలాను.