ఎర్రగా పుట్టిన తెల్ల గుర్రం

మా హనుమండ్లును మీరు చూసి ఉండరు. చూసి ఉంటే మరచిపోయి ఉండరు. వేములవాడ పక్కనున్న మా ఊళ్లో అతడూ నేనూ ఒకే రోజు తొమ్మిదో తరగతి మానేశాం. ఆ నెలలోనే లెక్కల సారు బదిలీ పెట్టుకుని వెళ్లిపోయాడంటే, పాఠం వినేంత తెలివి ఆ గదిలో ఇక మిగలలేదనే కదా! నేను ఇక్కడే ఉండి ఊరిని బాగుచేశాను. హనుమండ్లు షార్జాకు పోయి ఒక షేక్ గుర్రాల కొట్టంలో ఆరేళ్లు లద్దె ఎత్తాడు.

లద్దె ఎత్తేవాడికి చెవులుండవని అక్కడివాళ్ల నమ్మకం. ఏ ఆడగుర్రాన్ని ఏ మగగుర్రంతో కలపాలో, పుట్టే పిల్ల ఏ రంగుకు తిరుగుతుందో లెబనాన్ డాక్టరు చెబుతుంటే, మావాడు పార పట్టుకుని వినేవాడు. చివరి రెండేళ్లూ ఆ డాక్టరే ఇతణ్ని అడిగి రాసుకునేవాడని నేనంటాను. హనుమండ్లు మాత్రం ఒప్పుకోడు. అతనికి వినయం ఉన్నది ఆ ఒక్క విషయంలోనే.

తిరిగొచ్చి పెండ్లి ఊరేగింపులకు బరాత్ గుర్రం పెట్టాడు. దొరికింది ఎర్ర ఆడగుర్రం, పేరు చమేలి. మా దిక్కు పెండ్లికొడుకు తెల్ల గుర్రం తప్ప ఎక్కడు. అందుకని మొదటి బరాత్‌కు చమేలికి నిండా ముగ్గుపిండి పూశాడు. చౌరస్తా దాటుతుంటే వాన పట్టుకుంది. పెండ్లికొడుకు నల్ల షేర్వాణీ నడుము దాకా సున్నం కొట్టిన గోడైంది. అతని తుమ్ములకు బ్యాండువాళ్ల తాళం తప్పింది. ఆ తుమ్ములు కరీంనగర్ దాకా వినిపించాయంటే కొందరు నమ్మరు. ఆ రోజు వాళ్లు కరీంనగర్‌లో లేరు మరి.

ఆ తర్వాత చమేలికి మిగిలిన పని కొండగట్టులో యాత్రికులను ఒక చుట్టు తిప్పడమే. ఇల్లు మాత్రం హనుమండ్లు భార్య బాలలక్ష్మి చుట్టే బీడీల మీద నడిచేది. చమేలికి పద్నాలుగేళ్లు. ఒక్కసారి మగగుర్రంతో దాటించి, తెల్ల గుర్రాన్ని ఇంట్లోనే పుట్టించుకోవాలని హనుమండ్లు నిశ్చయం.

"తెల్ల పిల్ల పుడితె ఈడనే ఉండు," అంది బాలలక్ష్మి. "లేకుంటే షార్జావోళ్లు మల్ల రమ్మంటుండ్రు గదా, విమానం ఎక్కు."

"తెల్లగ పుట్టదే. ఎర్రగనో నల్లగనో పుడతది. పుట్టినంక తెల్లబడతది."

"ఏమయ్యా, ఆరేండ్లు గుర్రాల కాడున్నవా, సబ్బుల కంపెనీల ఉన్నవా?"

ఊరి బయట సుదర్శన్‌రావు మామిడితోటలో ఒక తెల్ల మగగుర్రం ఉంది. ఎండపూట దాన్ని చూడాలంటే నల్ల అద్దాలు కావాలి. నేను పెట్టుకునే చూశాను. ఆయన మంచివాడు, ఊరికే దాటించుకోమన్నాడు. హనుమండ్లు ఆ గుర్రం వైపు తలైనా తిప్పలేదు.

"దీని పిల్లలేడున్నయి సార్?"

"గుర్రం ఎదురుంగ ఉంటే పిల్లలెందుకురా?"

"గుర్రాన్ని చూస్తె దాని రంగే తెలుస్తది. ఏమిస్తదో పిల్లలను చూస్తెనే తెలుస్తది."

దాని పిల్లలు ఐదు. మూడు తెల్లబడ్డాయి. రెండు ఎనిమిదేళ్లొచ్చినా ఎర్రగానే ఉన్నాయి.

"వద్దు సార్," అన్నాడు హనుమండ్లు.

"తెల్ల గుర్రాన్ని పట్టుకొని రంగు సాలదంటవేందిరా?" సుదర్శన్‌రావు నొచ్చుకున్నాడు.

"తెల్లబడే ముచ్చటల ప్రతి గుర్రానికి రెండు చీటీలుంటయి సార్. ఒకటి తల్లి ఇచ్చింది, ఒకటి తండ్రి ఇచ్చింది. రెండిట్ల ఒక్కటి తెల్లదైనా సాలు, గుర్రం తెల్లబడతది. గని పిల్లకు ఒక్క చీటీనే ఇస్తది. మీ దానికి ఒకటి తెల్లది, ఒకటి ఖాళీ. ఏది పోతదో మన చేతుల లేదు. మా చమేలికి రెండూ ఖాళీనే. ఒక్కటి తెల్లదున్నా ఎప్పుడో తెల్లబడేది, అది దాగదు. నాకు రెండూ తెల్ల చీటీలున్న మగది గావాలె."

అలాంటిది జైనూర్‌లో గంగుబాయి అనే ఆమె దగ్గర ఉందని విని ఇద్దరం బస్సెక్కాం. మావాడు ముందుగా ఆమె ఇంటికి పోలేదు. మూడు రోజులు గుట్టల మీది ఊళ్లన్నీ తిరిగి ఆ గుర్రానికి పుట్టిన పిల్లలను లెక్కపెట్టాడు. పదకొండు. తల్లులు ఎర్రవీ నల్లవీ. పిల్లలు మాత్రం కొన్ని తెల్లబడ్డాయి, కొన్ని తెల్లబడుతున్నాయి. తప్పింది ఒక్కటీ లేదు.

"అరే బాబా," అని, నాలుగో రోజు మేం ఇంటికి పోయి ఈ లెక్క చెబితే నవ్వింది గంగుబాయి, "నా బిడ్డ సంబంధానికి వచ్చినోళ్లు గూడ గింత ఇచారణ చెయ్యలే!"

"పన్నెండోది తప్పితే?" అన్నాను నేను.

"బిళ్ల ఎగరేస్తె పదకొండు సార్లు బొమ్మే పడ్డదనుకో. రెండు దిక్కుల బొమ్మే ఉన్నదనుకోవా? కాదు, బొరుసు గూడ ఉన్నదంటవా?" అన్నాడు హనుమండ్లు.

చమేలిని ట్రాలీ ఎక్కించి జైనూర్ తీసుకుపోయి దాటించాడు. పదకొండు నెలలు నిండాక, పొద్దు పొడుస్తుండగా ఈనింది. పిల్ల కాల్చిన ఇటుక రంగు. తోక కొసన కూడా తెల్ల వెంట్రుక లేదు. హనుమండ్లు బెల్లం పట్టుకుని ఇల్లిల్లూ తిరిగి, "తెల్ల గుర్రం పుట్టింది" అని పంచాడు. ఊరు బెల్లం తిని మరీ నవ్వింది.

"ఊరికే ఇస్తనంటే కాదని, గుట్టలెక్కి ఎర్రదాన్ని తెచ్చుకున్నవు," అన్నాడు సుదర్శన్‌రావు.

"ఏడేండ్లాగుండ్రి సార్. నాలుగేండ్లకే బూడిద రంగు మీద సుక్కలొస్తయి. గప్పుడు మీ మనుమని బరాత్‌కు మీరే అడుగుతరు."

నవ్వనిది బాలలక్ష్మి ఒక్కతే. పిల్లకు మూడు నెలలు నిండేసరికి ఏజెంటు షార్జా వీసా పంపాడు, టికెట్టూ పంపాడు. ఆమె మాట మీద నిలబడే మనిషి. తొక్కు డబ్బాలు కట్టి సంచిలో సర్దింది. తెల్లబడే పిల్లకు ముందుగా కండ్ల చుట్టే వెంట్రుక మారుతుందని హనుమండ్లు మాతో వంద సార్లు చెప్పినవాడే. ఆ వారం ఆ మాటే ఎత్తలేదు. పిల్ల గడ్డం పట్టుకుని రోజుకు పదిసార్లు దాని కండ్ల చుట్టూ వెతికేవాడు.

ప్రయాణం రేపనగా, పొద్దున బాలలక్ష్మి తడి గుడ్డతో పిల్ల మొహం తుడుస్తోంది. కండ్ల దగ్గర దుమ్ము పోలేదు. గట్టిగా తుడిచింది. మళ్లీ తడిపి తుడిచింది.

"ఏమయ్యా, జర ఇటు రా. గిదేంది, పోతలేదు?"

హనుమండ్లు వచ్చి వంగి చూశాడు. పాత ఎర్ర వెంట్రుక రాలిన చోట, రెండు కండ్ల చుట్టూ సన్నగా తెల్ల వెంట్రుకలు మొలిచి ఉన్నాయి. మావాడు అక్కడే మట్టిలో కూర్చున్నాడు. గొప్పలు చెప్పుకోవాల్సిన ఘడియలో ఆ తెల్ల వెంట్రుకలు లెక్కపెట్టసాగాడు. నేనైతే మైకు తెప్పించేవాణ్ని.

బాలలక్ష్మి చేతులు తుడుచుకుని, తానే ఏజెంటుకు ఫోను కలిపింది.

"మా ఆయన వస్తలేడు. ఎందుకంటే, ఇంట్ల గుర్రం తెల్లబడుతుంది. ఆఁ, గుర్రమే. ఏడేండ్లు వడతదట. నవ్వుతె నవ్వు తమ్మీ, మేం ఆగుతం."

ఫోను పెట్టేసి భర్త వైపు తిరిగింది.

"గట్ల కూసుంటే ఏడేండ్లు ఎట్ల గడుస్తయి? ఇయ్యాల మంగళారం, కొండగట్టు మీద మస్తు మంది ఉంటరు. చమేలిని తోలుకొని నడువు."