నాన్నను లేపి కూర్చోబెట్టిన అక్క

నా చిన్నప్పుడు మా ఇంట్లో అన్నిటికంటే గట్టిగా వినిపించేది మా నాన్న ఊపిరి. నాచారంలో పలుగురాళ్లను పొడి చేసే మిల్లులో ఆయన పదేళ్లకు పైగా పనిచేశాడు. సాయంత్రం ఇంటికొస్తే కనురెప్పల మీద కూడా తెల్లటి దుమ్ము ఉండేది. నాకు పదకొండేళ్లు వచ్చేసరికి నాలుగడుగులు వేసి గోడ పట్టుకుని నిలబడిపోయేవాడు. దుమ్ము లోపల పేరుకుపోయిందని దవాఖానాలో చెప్పారట. అమ్మ ఆ మాట నాకు చెప్పలేదు. నాన్నకు నీరసమనీ, బాగా పడుకుంటే తగ్గుతుందనీ చెప్పి, ఉప్పల్ వైపు మందుల కంపెనీలో సీసాలు కడిగే పనికి వెళ్లేది.

ఒక వేసవి మధ్యాహ్నం, ఇంట్లో నేనూ నాన్నే ఉన్నప్పుడు, ఆయనకు ఆయాసం ఎక్కువైంది. మంచం అంచున కూర్చుని, చేతులు మోకాళ్ల మీద ఆనించి, భుజాలు ఎగరేస్తూ గాలి కోసం తన్నుకుంటున్నాడు. అమ్మ చెప్పింది కదా అని నేను ఆయన్ని వెల్లకిలా పడుకోబెట్టాను. లేవబోతే ఛాతీ మీద చేయి పెట్టి ఆపాను కూడా. ఆయన పెదవులు నీలంగా మారాయి. కళ్లు నన్నే చూస్తున్నాయి. మాట మాత్రం రావడం లేదు.

నా ఏడుపు విని పక్కింటి అక్క పరుగెత్తుకొచ్చింది. నల్లగొండ వైపు నుంచి వచ్చిన క్రైస్తవుల కుటుంబం వాళ్లది. అక్క రామంతాపూర్‌లో ఒక చిన్న దవాఖానాలో నర్సు.

"పండవెట్టకు! లేపు, జల్ది లేపు!" అంటూ నాన్నను లేపి కూర్చోబెట్టింది. ఎదురుగా స్టూలు వేసి, దాని మీద దిండు పెట్టి, ఆయన్ని ముందుకు వాల్చింది. "కాకా, పెదాలు సన్నగ జేసి మెల్లగ ఊదు. ఏడి చాయ్ ఊదినట్టు."

చాలాసేపటికి ఆ నీలం తగ్గింది.

తర్వాత రెండు రోజులు నాకు అన్నం దిగలేదు. నాన్నను నేనే చంపబోయానన్న సంగతి ఎవరికీ చెప్పలేకపోయాను. అక్క మాత్రం కనిపెట్టింది. ఆదివారం చర్చి నుంచి వస్తూ మాంసం దుకాణంలో మేక ఊపిరితిత్తులు తెచ్చి, నన్ను వాళ్ల పెరట్లోకి పిలిచింది. గొంతుగొట్టానికి సైకిల్ పంపు పైపు బిగించి కట్టి, "కొట్టు" అంది. కొట్టాను. నలిగిన గులాబీరంగు గుడ్డలా ఉన్నది కాస్తా పొంగి ఎంతో పెద్దదైంది. పైపు తీయగానే దానంతటదే ముడుచుకుంది.

"నాయిన లోపలియి గిట్ల సాగవు. దుమ్ముతోని గట్టిపడ్డయ్," అంది.

ఆ తర్వాత నా చేతిని నా పక్కటెముకల కింద పెట్టి ఊపిరి పీల్చమంది. ఛాతీకీ కడుపుకీ మధ్య గొడుగులాంటి కండ ఒకటి ఉంటుందట. అది కిందికి దిగి, పక్కటెముకలు పైకి లేస్తే లోపల చోటు పెరిగి గాలి వస్తుందట. ఊపిరితిత్తులకు సొంతంగా గాలి లాగే బలం లేదట. వెల్లకిలా పడుకుంటే కడుపు ఆ కండను పైకి నెడుతుంది. నాన్న లేవాలని ఎందుకు పెనుగులాడాడో నాకు అప్పుడు అర్థమైంది. వెక్కివెక్కి ఏడ్చాను.

"నీకెవ్వలు జెప్పలే. జెప్పకపోతే ఎట్ల ఎర్కైతది బిడ్డా?" అంది అక్క.

"మరి నాయినకు తగ్గుతదా?"

అక్క కొంగుతో నా కళ్లు తుడిచింది. "తగ్గదు," అంది. "గనీ మంచిగ కూసోవెడితే జర అల్కగ ఊపిరాడతది. గది నువ్వు జెయ్యొచ్చు."

ఆ రోజు నుంచి బడి కాగానే నాన్న దగ్గరే ఉండేదాన్ని. దిండు సరిపోనప్పుడు ఆయన ఎదురుగా కూర్చుని నా భుజాలు ఇచ్చేదాన్ని. వానాకాలంలో ఒక ఉదయం నాన్న అలాగే, నా భుజాల మీద చేతులు వేసి, నుదురు నా మెడకు ఆనించి పోయాడు. బరువు ఒక్కసారిగా పెరిగింది. అమ్మ వచ్చి ఆయన్ని తీసేదాకా నేను కదలలేదు.

ఇప్పుడు నాకు అరవై దాటాయి. అమ్మ మీద కోపం లేదు, భయంతోనే దాచింది. కానీ మా ఇంట్లో ఏ జబ్బునూ నేను పిల్లల దగ్గర దాచలేదు. పోయినేడాది మా ఆయన మంచాన పడ్డప్పుడు తొమ్మిదేళ్ల మనవరాలిని పక్కన కూర్చోబెట్టుకుని, తాతయ్య ఇక కోలుకోడని చెప్పాను. తడిబట్టతో పెదవులు ఎలా తుడవాలో చూపించాను. అది చాలాసేపు ఏడ్చింది. తర్వాత లేచి, ముఖం కడుక్కుని, గిన్నెలో నీళ్లు తీసుకుని తాతయ్య దగ్గరికి వెళ్లింది.