మా తాత ఎడమచేతి ముడి

నా చిన్నప్పుడు నేను లెక్కపెట్టకుండా వదిలింది మా ఇంట్లో గానీ ఊళ్ళో గానీ ఏదీ లేదు. వాకిలి నుంచి బావి దాకా నా అడుగులు నలభై ఆరు, మా తాత అడుగులైతే ముప్పై ఒకటి. చర్చి కప్పు మీద రేకులు ఇరవై నాలుగు, అందులో తుప్పు పట్టినవి తొమ్మిది. ఇవన్నీ నన్నెవరూ అడగలేదు. అడగకపోయినా నా తలలో అవి వరసగా కూర్చుని ఉండేవి. ఎనిమిదో తరగతితో నా చదువు ఆగిపోయింది, లెక్క మాత్రం ఆగలేదు. ఇప్పుడు యాభై మూడేళ్ళ వయసులో, మా చుట్టుపక్కల మామిడి తోటల్లో చెట్టుకు కాపు ఎంతుందో అంచనా కట్టమని నన్నే పిలుస్తారు. కింద నిలబడి చూసి చెబితే పది పదిహేను కాయల కంటే ఎక్కువ తేడా రాదు. అయితే లెక్క పెట్టకూడని చోటు కూడా ఒకటి ఉంటుందని నాకు తెలిసింది పన్నెండో ఏట. ఆ సంగతి మా తాత నేర్పాడు.

మాది చంద్రగిరికి అవతల, తోటల మధ్య ఉన్న చిన్న ఊరు. అమ్మానాయన పొద్దున్నే కూలికి వెళ్ళిపోతే నేను బడి లేని వేళంతా తాత వెంటే తిరిగేదాన్ని. తాత నర్సరీలో మామిడికి అంటు కట్టేవాడు. టెంక నుంచి మొలిచిన మొక్క తల కోసి, కాండాన్ని నిలువుగా చీలుస్తారు. మంచి చెట్టు నుంచి తెచ్చిన పుల్ల మొదలును పలచగా చెక్కి ఆ చీలికలో దించుతారు. పైన ప్లాస్టిక్ పట్టీ బిగించి చుట్టి ముడి వేస్తారు. రెండు గాయాలూ ఒకదానికొకటి ఆనుకుని, కొన్నాళ్ళకు ఒకే మొక్క అవుతాయి. తాతది ఎడమచేతివాటం. అందరూ పట్టీని కుడివైపుకు తిప్పితే తను ఎడమవైపుకు తిప్పి చుట్టేవాడు. వంద మొక్కల మధ్య కూడా తాత కట్టిన మొక్క ఏదో ముడి చూసి చెప్పేయవచ్చు.

ఆ ఏడాది బడులు తెరిచిన వారమే మా చర్చి సంఘం అయ్యగారు ఒక మాట చెప్పారు. జూలై చివరి ఆదివారం బాప్తిస్మాలు ఉంటాయని, తీసుకోదలచినవాళ్ళు పేర్లు ఇచ్చి, అంతవరకూ తమను తాము పరీక్షించుకోవాలని. ఆయన ఉద్దేశం ఏమిటో గానీ, పరీక్ష అనే మాట చెవిన పడగానే నాకు మార్కులు గుర్తొచ్చాయి. ఇంటికి రాగానే పాత నోటుపుస్తకంలో నాలుగు గళ్ళు గీశాను. అబద్ధం, కోపం, చాడీ, ప్రార్థనలో పరధ్యానం. తప్పు జరిగిన ప్రతిసారీ ఆ గడిలో ఒక గీత. శనివారం సాయంత్రం మొత్తం కూడాలి. వారం వారం మొత్తం తగ్గుతూ వచ్చి బాప్తిస్మం నాటికి సున్నా కావాలి. నా మనసులో ఉన్న పద్ధతి అది.

పక్కింటి అక్క కూడా పేరు ఇచ్చింది. నాకంటే మూడేళ్ళు పెద్దది, నోరు ఊరుకోదు. ఒకరోజు నా పుస్తకం లాక్కుని చూసింది.

“ఏమ్మే, పాలోడి లెక్క మాదిరి ఈ గీతలేంది?” అంది. నేను చెప్పాను. అది విని అరుగు మీద పడి పడి నవ్వింది. “నీ తప్పులకి నువ్వే కరణమైతివా? పోన్లే, దేవునికి పని తగ్గించినావు.”

కోపం గడిలో ఒక గీత పడింది.

మొదటి వారం మొత్తం పంతొమ్మిది. రెండో వారం ఇరవై రెండు. కూడిక తప్పిందేమోనని మళ్ళీ కూడి చూశాను. ఇరవై రెండే.

ఆ తర్వాత వచ్చిన గాలివానకు మా పెరట్లో అవ్వచెట్టు పడిపోయింది. ఆ మామిడి చెట్టుకు మరో పేరు లేదు. మా అవ్వ కాపురానికి వచ్చిన కొత్తలో తిని పారేసిన టెంక మొలిస్తే, పీకెయ్యకుండా పెంచింది. కాయ పిడికెడంతే, పండితే పీచు. సంతలో ఎవరూ కొనరు. కానీ ఊరగాయ పెడితే రెండేళ్ళయినా ముక్క మెత్తబడేది కాదు. అవ్వ పోయి అప్పటికి ఏడాదిన్నర. ఆమె చేత్తో పెట్టిన ఊరగాయ జాడీ అడుగున ఇంకా కొంచెం ఉండేది. తాత దాన్ని ఎవరినీ ముట్టనిచ్చేవాడు కాదు, తనూ తినేవాడు కాదు.

టెంక నుంచి పుట్టిన చెట్టు కాబట్టి అలాంటిది ఇంకెక్కడా ఉండదు. అది పోతే ఆ కాయ పోయినట్టే. వేళ్ళు పైకి లేచి పడుకుని ఉన్న చెట్టు చుట్టూ తాత చాలాసేపు తిరిగాడు. ఒక పక్క రెండు మూడు వేళ్ళు ఇంకా మట్టిలోనే ఉండటంతో కొన్ని కొమ్మలు పచ్చగా ఉన్నాయి. పనికొచ్చే పుల్లలు ఎన్ని దొరుకుతాయా అని కొమ్మ కొమ్మా తడిమాడు. పదకొండు దొరికాయి. వాటిని తడిగుడ్డలో చుట్టి, ఆ పొద్దే పదకొండు టెంకమొక్కలకు అంటు కట్టాడు. నేను పలక పెంకుల మీద ఒకటి నుంచి పదకొండు దాకా అంకెలు వేసి ప్రతి మొక్క పక్కనా ఒకటి గుచ్చాను. వాటిని గోడ నీడన వరసగా పెట్టి, “మూడు నెలలు ఎవురూ తాకగూడదు,” అన్నాడు తాత.

మూడు నెలలంటే తొంభై రోజుల పైన. అన్ని రోజులు ఎన్ని అతికాయో తెలియకుండా ఉండటం నా వల్ల అయ్యే పని కాదు. తొమ్మిదో రోజు తాత నర్సరీకి వెళ్ళినప్పుడు ఒకటో నెంబరు పట్టీ మెల్లగా విప్పాను. లోపల తెల్లగా, తడిగా ఉంది. అతికిందో లేదో తెలియలేదు. పుల్లను వేలితో కొంచెం కదిపి చూశాను, కదిలింది. మళ్ళీ చుట్టి ముడి వేశాను. రెండోది విప్పాను, మూడోది, నాలుగోది. ఐదోదాని మీద చెయ్యి వేస్తుండగా పక్కింటి అక్క గోడ మీద నుంచి తొంగి చూసి, “తాత తాకొద్దన్న్యాడు గదమ్మే,” అంది. ఆపేశాను.

సాయంత్రం తాత వచ్చి, “మొక్కలు బాగుండాయా పాపా?” అని అడిగాడు.

“బాగుండాయి తాతా,” అన్నాను. అప్పటికి నిజంగానే బాగున్నాయి. అది అబద్ధం కిందికి వస్తుందా రాదా అని చాలాసేపు ఆలోచించి, చివరికి ఒక గీత పెట్టాను.

నాలుగు రోజులకు ఒకటి, రెండు, మూడు, నాలుగు నల్లబడి వాలిపోయాయి. మిగతా ఏడూ పచ్చగానే ఉన్నాయి. తాత వాటి ముందు గొంతుక్కూర్చుని ఒక్కొక్కటీ తిప్పి చూశాడు. ఆ నాలుగింటికీ పట్టీ కుడివైపుకు తిరిగి ఉంది. తాత తువ్వాలు దులిపి భుజాన వేసుకుని లేచి వెళ్ళిపోయాడు. ఆయన తిట్టి ఉంటే నాకు హాయిగా ఉండేది.

శనివారం పుస్తకంలోని గీతలు కూడి చూశాను. ఐదు వారాలకు పంతొమ్మిది, ఇరవై రెండు, పద్దెనిమిది, ఇరవై నాలుగు, ఇరవై ఒకటి. మొత్తం నూట నాలుగు గీతలు. అవ్వచెట్టును నాలుగు చోట్ల చంపింది వేరే. మరునాడు ఆరాధన అయ్యాక అయ్యగారి దగ్గరికి వెళ్ళి, నా పేరు కొట్టేయమన్నాను. ఆయన ఆశ్చర్యపోయి, సరే, మీ తాతతో మాట్లాడి చెప్పమన్నారు. నేను చెప్పే పని లేకపోయింది. నేను ఇల్లు చేరేసరికే పక్కింటి అక్క ఆ కబురూ, నా గీతల పుస్తకం సంగతీ తాతకు మోసేసింది.

తాత అరుగు మీద కూర్చుని ఉన్నాడు. ఆ పుస్తకం తెమ్మని, నన్ను పక్కన కూర్చోబెట్టుకుని చదవమన్నాడు. తనకు చదువు రాదు. నేను చదివాను. వారం వారం, గడి గడి చదివాను. తొమ్మిదో రోజు వేసిన గీత దగ్గరికి వచ్చేసరికి పుస్తకం ఒళ్ళో పెట్టేశాను. పట్టీలు విప్పింది నేనేనని అప్పుడు చెప్పాను.

“తెలుసు పాపా,” అన్నాడు. “నా ముడి నాకు తెలీదా?”

కాసేపు నన్ను ఏడవనిచ్చాడు. తర్వాత అడిగాడు. “ఆ నాలుగూ ఏంటికి సచ్చినాయో తెలుసునా?”

“ఇప్పినాను గదా, అందుకే.”

“నువ్వు ఇప్పేతలికి లోపల అతుకు మొదలయ్యే ఉంటాది. దారం పోగంత. కంటికి ఆనదు. అతకలేదని నువ్వు కదిలించినావు. ఆడ తెగిపాయ.” నా ఒళ్ళోని పుస్తకం మీద వేలు పెట్టాడు. “ఈడా అదే జేస్తా ఉండావు. పొద్దూకులా ఇప్పి సూస్తా ఉంటే ఎట్ల అతుకుతాది?”

నాకు ఆ మాట సగమే నచ్చింది. మరి తప్పులు చేసినా లెక్క లేదా అని ఎదురడిగాను.

“ఎవురన్న్యారు ఆ మాట? తప్పు జేస్తే ఆ పూటే పొయ్యి సెప్పు. మనిషికి జేసింటే ఆ మనిషికి సెప్పు, దేవునికి సెప్పు. ఇప్పుడు నాకు సెప్పినావే, అట్ల. సెప్పినాక కట్టు కట్టేయల్ల. మళ్ళా మళ్ళా ఇప్పగూడదు. నీళ్ళు పోసేది, నీడన పెట్టేది, అంతే మన పని. అతికించే ఆయన వేరే ఉండాడు.”

జేబులోంచి అంటు కట్టే పట్టీ ఒకటి తీశాడు. నా నోటుపుస్తకాన్ని మూసి, దాని చుట్టూ ఆ పట్టీని ఎడమవైపుకు బిగించి చుట్టి, మొక్కకు వేసినట్టే ముడి వేశాడు. మొక్కల పట్టీలు తను ఎప్పుడు విప్పితే అప్పుడే ఇదీ విప్పాలన్నాడు. ఆ తర్వాత, నేను అసలు అనుకోని మాట అన్నాడు.

“ఆ ఏడు మొక్కలకీ నీళ్ళు ఇంక నువ్వే పోయల్ల.”

“నేనా?”

“నువ్వు గాకుంటే ఎవురు? ఇప్పితే ఏమైతాదో ఈ ఊర్లో నీ కంటే బాగా తెలిసినోళ్ళు యాడుండారు?”

ఏడుస్తూనే నవ్వాను. నా పేరు జాబితాలో అలాగే ఉండిపోయింది.

మా ఊళ్ళో బాప్తిస్మాలు ఒక తోటలో, బావి మోటారు నీళ్ళు పడే తొట్టిలో జరిగేవి. ఆ తోట ఆసామి మా సంఘం మనిషి కాదు. అయినా బాప్తిస్మాల ఆదివారం పొద్దున్నే తొట్టిని పాచి లేకుండా తోమించి, కొత్త నీళ్ళు పట్టించి, ఆడవాళ్ళు బట్టలు మార్చుకోవడానికి తన మోటారు గది తాళం ఇచ్చేవాడు. తొట్టి మెట్లు ఐదు. నీళ్ళు నాకు ఛాతీ దాకా వచ్చాయి. పక్కింటి అక్క నాకంటే ముందు మునిగి లేచి, చలికి పళ్ళు కటకటలాడిస్తూ, “ముక్కు మూసుకోమ్మే, ఎన్ని బుడగలొచ్చినాయో ఎంచుతా కూర్చోవాకు,” అని గొణిగింది. నేను మునిగాను, లేచాను. గట్టు మీద పాట అందుకున్నారు. తాత తువ్వాలు చాచి నిలబడి ఉన్నాడు. ఇంటికి నడుస్తుండగా గుర్తొచ్చింది, నీళ్ళలో ఎంతసేపు ఉన్నానో లెక్కపెట్టడం మరిచిపోయానని. నాకు తెలిసి నేను లెక్క మరిచింది అదే మొదటిసారి.

మూడు నెలలూ రోజుకు రెండుసార్లు ఆ ఏడింటికీ నీళ్ళు పోశాను. రెండు నా తప్పేమీ లేకుండానే పోయాయి. నర్సరీలోనూ అన్నీ బతకవని తాత చెప్పాడు. పట్టీలు విప్పిన రోజు ఐదింటికీ అతుకు దగ్గర కాండం కొంచెం ఉబ్బి, మానిన గాయం మచ్చలా ఉంది. వేలితో కదపమన్నాడు. నేను కదపనన్నాను. తనే నా వేలు పట్టుకుని కదిపించాడు. కదల్లేదు.

తర్వాత పుస్తకం విప్పాడు. నూట నాలుగు గీతలూ అలాగే ఉన్నాయి. ఏ గీత దేనికి వేశానో గుర్తు చేసుకోబోయాను. పదకొండో పన్నెండో చెప్పగలిగాను. మిగతా వాటి వెనక ఏముందో నాకే తెలియలేదు. “నీకే గుర్తు లేకపాయ. సెప్పుకున్న్యాక ఆయన మాత్రం ఏంటికి పెట్టుకోని కూర్చుంటాడు?” అన్నాడు తాత, పట్టీని నాలుగు మడతలు పెట్టి మళ్ళీ జేబులో వేసుకుంటూ.

ఆ ఐదింటిలో ఒకటి పాత చెట్టు పడిన గుంతలోనే నాటాం. ఒకటి చర్చి వెనక, ఒకటి తొట్టి ఇచ్చిన ఆసామి తోటలో. ఒకదాన్ని పక్కింటి అక్క పెళ్ళయి ఏర్పేడు వైపు వెళుతూ పట్టుబట్టి తీసుకుపోయింది. ఐదోదాన్ని మేకలు తిన్నాయి. పెరట్లోది కాపుకు వచ్చిన ఏడాది మా అమ్మ ఊరగాయ పెట్టింది. తాత అన్నంలో కలుపుకుని, ముక్క కొరికి, చాలాసేపు నమిలాడు. ఆ రోజే అవ్వ జాడీని కడగమని ఇచ్చాడు.

నేను పెద్దగా మారిపోయిన మనిషిని అని చెప్పుకోలేను. పోయిన నెల కూడా కోడలి మీద నోరు జారాను. ఆ పూటే వంటింట్లోకి వెళ్ళి తప్పు నాదేనని చెప్పాను. ఆ పిల్ల “పోన్లే అత్తా, కాఫీ తాగు,” అంది. అక్కడితో అయిపోవాలి. కానీ నా బుద్ధి తెల్లవారేసరికి మళ్ళీ ఆ మాట దగ్గరికే పోయి, దాన్ని విప్పి, ఇన్నేళ్ళ ప్రార్థనకు నువ్వు అతికింది ఇంతేనా అని కదిపి చూడాలనుకుంటుంది. అలాంటి పొద్దుల్లో నేను మోకరించి నాలుగు మాటలు ప్రార్థన చేసుకుని, చెంబు తీసుకుని పెరట్లోకి వెళతాను. అక్కడ ఎప్పుడూ రెండు మూడు కొత్త అంటుమొక్కలు నీడన ఉంటాయి. పట్టీల జోలికి పోను. ఒక్కోదానికి రెండేసి చెంబులు, ఎండ ముదిరితే మూడు. ఆ లెక్క మాత్రం ఈనాటికీ తప్పలేదు. నీళ్ళ లెక్క నాది.