పద్దెనిమిదో నంబరు గొర్రె

దయ్యాలున్నాయా అని ఎవరైనా అడిగితే, ఎన్ని ఉన్నాయో చెప్పండి, అప్పుడు చూద్దాం అనేవాడిని. పశుసంవర్ధక శాఖలో ముప్పై నాలుగేళ్లు గణాంకాలు రాసినవాడిని. తేదీ, సంఖ్య, సంతకం లేని మాటను నేనెన్నడూ నమ్మలేదు, ఇప్పటికీ నమ్మను. అందువల్ల దీనిని కథలాగా కాక, నా రిజిస్టరులో ఉన్నది ఉన్నట్లు చెబుతాను.

ఉద్యోగ విరమణ తరువాత మార్కాపురంలో ఉంటూ, గొర్రెల అభివృద్ధి పథకమొకదానికి రికార్డులు రాయడానికి ఒప్పుకున్నాను. మన ప్రాంతపు గొర్రె సాధారణంగా ఈతకు ఒక్క పిల్లనే ఇస్తుంది. బెంగాలు వైపు ఉండే ఒక చిన్నజాతి గొర్రెలో జోడు పిల్లలనిచ్చే జన్యువు ఉంది. ఆ జన్యువు ఉన్న పొట్టేలును మందలో కలిపితే, అది సంక్రమించిన కూతుళ్లు జోడు పిల్లలను ఈనుతాయి. ఇందులో మాయ ఏమీ లేదు. ఏ గొర్రెకు ఆ జన్యువు వచ్చిందో, దేనికి రాలేదో రక్తపరీక్షలో తేలిపోతుంది.

మేము మొదటి పొట్టేలును కాశమ్మ గారి మందలో వదిలాము. ఆమెకు డెబ్బై దాటాయి, చూపు మందగించింది. మంద మేపేది కొడుకు గురవయ్య. వారికి పొలం లేదు. ఉన్నదంతా ఆ మందే. గురవయ్యను ఒప్పించడానికి నాకు అరగంట పట్టింది. కాశమ్మను మాత్రం ఒప్పించలేకపోయాను.

“గొర్రె సంగతి నీకు తెల్సు నాయనా, మేత సంగతి నాకు తెల్సు,” అన్నదామె. “పిల్లల్ని నువ్వు రెండు జేస్తావు. పాలను ఎవురు రెండు జేస్తారు?”

నేను కాగితం తీసి దాణా లెక్క వేసి చూపించాను. “ఈ లెక్కల సారు బస్సెక్కేటప్పుడు చక్రాలు గూడా లెక్కబెట్టి ఎక్కుతాడు,” అని ఆమె కోడలితో అనడం నా చెవిన పడింది. పొట్టేలు మాత్రం మందలోనే ఉండిపోయింది.

జిల్లాను విడగొట్టిన మరుసటి ఏడాది, ఉగాది దాటాక, ఆ పొట్టేలు కూతుళ్లు తొలిసారి ఈనాయి. తొమ్మిదింటిలో ఆరు జోడు పిల్లలనిచ్చాయి. నేను గర్వపడ్డాను, దానిని దాచుకోను. ఆ ఆరింటిలో ఒకటి పద్దెనిమిదో నంబరుది. ఎడమచెవి మాత్రమే నలుపు. చిన్నప్పుడే దాని రక్తాన్ని పరీక్షకు పంపాము కనుక, జన్యు వివరాలు హైదరాబాదు ల్యాబులో భద్రంగా ఉన్నాయి.

ఆ వేసవిలో ఊళ్లో మేత లేదు. ఏటా లాగే మందను నల్లమల అంచుకు తోలుకుపోయారు. పద్దెనిమిదో నంబరు ఈనిన నలభై ఒకటో రోజున, అది పడిపోయిందని గురవయ్య ఫోన్ చేశాడు. నేను బస్సులో పెద్దదోర్నాలకు, అక్కడి నుంచి ఆటోలో మంద దిగిన చోటికి వెళ్లాను. అప్పటికే చనిపోయింది. పక్కటెముకలు బయటికి కనిపిస్తున్నాయి. రెండు పిల్లలకు పాలిస్తూ అంత దూరం నడిచింది. పిల్లలలో ఒకటి ముందురోజే పోయిందట. నా దాణా లెక్కలో గొర్రె నడిచే దూరానికి గడి లేదు.

చెవి ట్యాగును నా చేతులతోనే కోసి తీశాను. గుంత తవ్వి పూడ్చేదాకా అక్కడే నిలబడ్డాను. ఇంటికి వచ్చి ఆ ట్యాగును రిజిస్టరు పేజీకి దారంతో కుట్టాను. మిగిలిన ఆడపిల్లకు గురవయ్య భార్య సీసాతో పాలు పట్టసాగింది.

ఆ సమయంలోనే పథకం వారు ఇంకో పొట్టేలును పంపుతామన్నారు. దానికి తల్లి వైపు నుంచీ తండ్రి వైపు నుంచీ కూడా అదే జన్యువు వచ్చింది. దానిని కలిపితే పుట్టే ప్రతి పిల్లకూ జన్యువు ఉంటుంది. నాలుగైదేళ్లలో మంద మొత్తం మారిపోతుంది, మళ్లీ పాత మంద కావాలన్నా రాదు. ముందుగా మందంతటికీ రక్తపరీక్ష చేయించి, ఫలితం చూసి నేను ఏది చెబితే అదే చేస్తామని గురవయ్య అన్నాడు. ఈసారి కాశమ్మ కూడా అడ్డు చెప్పలేదు. ఆ కుటుంబం బతుకు నా ఒక్క మాట మీద నిలిచింది.

పద్దెనిమిదో నంబరు చనిపోయిన ఇరవై మూడో రోజు, మంద ఊరికి తిరిగి వచ్చాక, నమూనాలు తీశాను. ఉదయం పది గంటలు. మంచి ఎండ. మార్కాపురం గనుల్లో పారేసిన పలకరాళ్లను నిలువుగా పాతి కట్టిన దొడ్డి వారిది. ఒక్కొక్క గొర్రే బయటికి రాగలిగేంత సందు ఉంది. నేను సందు పక్కన నిలబడి, పలక ముక్క మీద సుద్దతో గీతలు గీస్తూ లెక్కపెట్టాను. అరవై రెండు వచ్చాయి.

రిజిస్టరు ప్రకారం పిల్లలతో కలిపి అరవై ఒకటి ఉండాలి. మళ్లీ లోపలికి తోలించి లెక్కపెట్టాను. అరవై రెండే. మూడోసారి గురవయ్యను విడిగా లెక్కపెట్టమన్నాను. అతనికీ అంతే వచ్చింది. పక్క మంద గొర్రె కలిసిందేమో, ట్యాగులు చదివితే తెలుస్తుందిలే అనుకున్నాను. ఒక్కొక్కదానినీ పట్టుకుని, ట్యాగు చదివి, రక్తం తీసి, గొట్టం మీద నంబరు రాశాను. ట్యాగులు అరవై ఒకటే. ట్యాగు లేని గొర్రె ఒక్కటీ లేదు.

కాశమ్మ సందు దగ్గర కూర్చుని ఉంది. “ఒకటి లెక్కకొస్తది, చేతికి రాదు,” అన్నది. “దాని ఎంట బడవాకు.”

నేను సమాధానం చెప్పబోతూ ఆ తల్లిలేని పిల్లను చూశాను. పలకరాళ్ల గోడ పక్కన ముందుకాళ్లు మడిచి, మెడ పైకి తిప్పి, తోక గబగబా ఆడిస్తోంది. పాలు తాగే పిల్ల తప్ప మరే పిల్లా తోకను అలా ఆడించదు. దాని ముందు ఏమీ లేదు. వాచీ చూశాను: ఒంటిగంటా పది. రెండు నిమిషాలు అలాగే ఉంది. దగ్గరికి వెళ్లి పట్టుకుంటే మూతి నిండా తెల్లని నురగ. వేలితో తీసి వాసన చూశాను. పాలే. సీసా పాలు ఆరు గంటలకు పట్టామని గురవయ్య భార్య చెప్పింది.

ఆ సాయంత్రం సామాను సర్దుకున్నాను. తీసుకువెళ్లిన గొట్టాలు డెబ్బై, వాడినవి అరవై ఒకటి, తొమ్మిది మిగలాలి. ఎనిమిదే ఉన్నాయి. ఒకటి ఎక్కడో జారి ఉంటుందనుకున్నాను.

పంతొమ్మిది రోజులకు ఫలితాల పట్టిక వచ్చింది. అందులో అరవై రెండు వరుసలున్నాయి. చివరి వరుస పద్దెనిమిదో నంబరుది.

ల్యాబుకు ఫోన్ చేశాను. అక్కడి శాస్త్రవేత్త, ఓపిక గల అమ్మాయి, పెట్టెలో అరవై రెండు గొట్టాలు అందాయన్నది. పద్దెనిమిదిలోనిది తాజా రక్తమేనని, పాత రికార్డుతో ప్రతి గుర్తూ సరిపోయిందని చెప్పింది. మళ్లీ పరీక్ష చేయమన్నాను, చేసింది, అదే వచ్చింది. గొట్టం మీది చీటీ ఫోటో పంపింది. నేను ఎనిమిదిని ఒకదానిపై ఒకటి రెండు సున్నాలుగా, మధ్యలో సందు వదిలి రాస్తాను. అది నా రాతే.

నంబరు పొరపాటుగా రాశాననుకుంటే, మిగిలిన అరవై ఒకటిలో ఒకటి తగ్గాలి. తగ్గలేదు. పాత నమూనా కలిసిందనుకుంటే, ఆ రక్తం అప్పుడే అయిపోయింది. దానిని అచ్చంగా పోలిన కవల ఉందనుకుంటే, అది ఒంటరిగా పుట్టిన పిల్ల. ఆ పుట్టుక నమోదు చేసినవాడిని నేనే.

మరునాడు వెళ్లి నా నిర్ణయం చెప్పాను. రెండో పొట్టేలు వద్దు. జన్యువు ఉన్న గొర్రెలను దర్శి వైపు, కాలువ కింద పచ్చిమేత ఉన్నవాళ్లకు ఇచ్చి, మామూలు గొర్రెలు తెచ్చుకోవాలి. జన్యువును మార్చడం పాపమని నేను అనలేదు, ఇప్పుడూ అనను. ఏ నేల మీద, ఎవరి పాల మీద ఆ భారం వేస్తున్నామో ముందుగా లెక్క చూడకపోవడమే తప్పు. ఆ తప్పు నాది. ఈ నిర్ణయం ఆ వరుసను చూసి తీసుకున్నది కాదు. గుంత దగ్గర నిలబడినప్పుడే తీసుకోవలసింది.

వరుస సంగతి నేను వారికి చెప్పలేదు. కాశమ్మే అడిగింది.

“అది గూడా కాయితంలోకి వచ్చిందా, నాయనా?”

వచ్చిందన్నాను.

“అయితే ఇంక పోతదిలే,” అన్నది. తల్లిలేని పిల్లను మాత్రం దర్శికి పంపనీయలేదు. దాని ఒక్కదాని మేత తాను చూసుకుంటానన్నది.

ఆ తరువాత ఏడుసార్లు ఆ సందు దగ్గర నిలబడి లెక్కపెట్టాను. ఏడుసార్లూ గీతలూ ట్యాగులూ సరిపోయాయి. పద్దెనిమిదో ట్యాగు ఇప్పటికీ నా రిజిస్టరులో కుట్టిన దారంతోనే ఉంది. సుద్దగీతల పలక ముక్క బీరువాలో ఉంది. కావలసినవారు వచ్చి చూసుకోవచ్చు.

అంతకుమించి నా దగ్గర వివరణ లేదు. నా రిజిస్టర్లన్నిటిలోనూ ఆ రోజు పేజీలో ఒక్కచోటే ‘మొత్తం’ గడి ఖాళీగా ఉంది. ఎన్నోసార్లు కలం తీశాను. ఏ సంఖ్య రాసినా కింద నా సంతకం పెట్టలేను.