ఈశాన్యం మూల తొట్టి, నా హస్తవాసి

మా పుట్టింటివాళ్లకు కడియం దగ్గర నర్సరీ ఉండేది. నాకు బాగా నడక రాకముందే సంచుల్లో మట్టి నింపడం వచ్చిందని మా అమ్మ చెప్పుకునేది. అంటు కట్టినా, కొమ్మ గుచ్చినా నా చేతిలో చచ్చినవి తక్కువ. పెళ్లిచూపుల్లో మా నాన్న నా డిగ్రీ గురించి ఒక ముక్క చెప్పి, నా హస్తవాసి గురించి పది ముక్కలు చెప్పాడు. కొత్తపేట దగ్గర కొబ్బరితోటలున్న ఇంటికి నన్ను పెద్దకోడలిగా ఇచ్చారు. మొక్కలు పెంచే ఇంటి పిల్ల కలిసొస్తుందని వాళ్లూ సంబరపడ్డారు.

అంతకుముందే, తొంభైల్లో వచ్చిన పెద్ద తుఫానుకి ఆ ఇంటి తోటలు సగానికి సగం నేలకూలాయి. అలా ఎందుకు జరిగిందో చెప్పడానికి మా మావగారికి తుఫాను ఒక్కటీ చాల్లేదు. వాస్తు సిద్ధాంతిని పిలిపించారు. ఆయన ఇల్లంతా తిరిగి, ఈశాన్యం మూల నీళ్లుండాలనీ, ఆ నీళ్లలో ప్రాణమున్న పచ్చదనం ఉండాలనీ చెప్పాడు. ప్లాస్టిక్ మొక్కలు పనికిరావట. నేను కాపరానికి వచ్చిన కొన్నాళ్లకే మావగారు రాజమండ్రి నుంచి చేపల తొట్టి, నాలుగు ఎర్రచేపలు, తడిగుడ్డలో చుట్టిన మొక్కలు తెచ్చారు.

"పుట్టింటి విద్య కదమ్మా, నువ్వే చూసుకో. ఆ మొక్కలెలా ఉంటే ఇల్లలా ఉంటుందన్నారు సిద్ధాంతిగారు," అన్నారు.

నేను మురిసిపోయాను. గోదావరి ఇసుక తెప్పించి, నీరు తేటగా దిగేదాకా కడిగి, వేళ్లు మాత్రమే ఇసుకలో ఉండేలా, చిగురు మొదలు మునగకుండా ఒక్కొక్కటీ నాటాను. చిగురు మొదలు ఇసుకలో పడితే కుళ్లుతుందని నాకు ఎవరూ చెప్పక్కర్లేదు.

కానీ తొట్టి పెట్టిన చోటు చూడాలి. హాలులో ఈశాన్యం మూలకి ఒక పక్క ధాన్యం గది గోడ, ఇంకో పక్క పొరుగువాళ్ల గోడ. కిటికీ లేదు. పట్టపగలు సూదిలో దారం ఎక్కించలేని మూల అది. తొట్టి మూతకి చిన్న ట్యూబులైటు ఉండేది. నేను వేస్తే, అటుగా వెళ్తూ మా అత్తగారు ఆపేసేవారు. "పట్టపగలు లైటేవిటమ్మా, ఎవరైనా చూస్తే నవ్వుతారు," అనేవారు. ఆవిడ ఆపని వేళ కరెంటే పోయేది.

మొదట ఆకులు అద్దంలా పలచబడి రాలిపోయాయి. కొత్త నీటికి అలవాటు పడుతున్నాయనుకుని ఓపిక పట్టాను. కొత్త ఆకులు వచ్చాయి గానీ, వెలుతురు వెతుక్కుంటూ దారాల్లా సాగి, పాలిపోయి ఉన్నాయి. వాటిమీద గోధుమరంగు పాచి పట్టింది. వేసవిలో కాలువలకి నీళ్లు ఆపేశాక బోరు నీళ్లే దిక్కు. ఆ ఉప్పునీటికి ఆకుల అంచులు మాడాయి. దాంతో కాలువ నీళ్లు వచ్చినప్పుడే కడవలతో పట్టి దాచడం నేర్చుకున్నాను. శుక్రవారం శుక్రవారం అత్తగారు ఆ తొట్టిలో పసుపూ కుంకుమా వేసి దణ్ణం పెట్టేవారు. గంగమ్మ కదా. ఆవిడ దణ్ణం అయ్యాక ఆ పసుపు మడ్డిని గొట్టంతో లాగి పారబోయడం నా వంతు.

మొక్కకి ఏం తక్కువైందో నాకు మొదటి నెలలోనే తెలిసింది. చెప్పాను కూడా. "మావయ్యగారూ, వాటికి రోగం ఏం లేదండి. వెలుతురు లేదు. వసారాలో తూర్పు కిటికీ దగ్గర పెట్టించండి, బతుకుతాయి."

"సిద్ధాంతిగారు ఆ మూలే అన్నారు కదమ్మా. నీకు తెలియదు, ఊరుకో," అన్నారాయన, చాలా మర్యాదగా. ఆ ఇంట్లో ఎవరూ గొంతు పెంచరు. కత్తికి తేనె రాసి మరీ కోస్తారు.

ఓసారి నేను పుట్టింటికి వెళ్లి వచ్చేసరికి తొట్టి నీళ్లు పచ్చటి గంజిలా ఉన్నాయి. చేపలు వెల్లకిలా తేలి ఉన్నాయి. ఆకులు పసుపెక్కాయని మావగారు గుప్పెడు యూరియా చల్లారట! జీవితమంతా వరిచేను పండించిన మనిషి, ఆకు పసుపెక్కితే ఆయన చెయ్యి యూరియా బస్తా వైపే పోతుంది. చేనుకి చేసినట్టే చేశారు. పాపం, మంచికే చేశారు. కానీ చేపల చావు ఎవరి ఖాతాలో పడింది? "ఇల్లు విడిచి వెళ్తే అంతే మరి," అన్నారు అత్తగారు. గోరుచుట్టు మీద రోకటిపోటు అంటే ఏమిటో ఆ రోజు తెలిసింది.

మా నాన్న నన్ను చూడ్డానికి వచ్చినప్పుడు తొట్టి ముందు గొంతుక్కూర్చుని, చెయ్యి అడ్డుపెట్టి నీడ పడుతుందేమో చూసి, నాకు మాత్రమే వినబడేట్టు "వెలుతురు లేదమ్మా, అంతే," అన్నాడు. ఆ మాటే పైకి అంటాడని ఆశపడ్డాను. మావగారు "ఏవండీ బావగారూ, మీ అమ్మాయి చేతికేం వచ్చిందంటారు?" అని నవ్వుతూ అడిగారు. మా నాన్న లేచి నిలబడి, "ఆయ్, మీరు చూసుకుంటున్నారు కదండీ, మాకేం తెలుస్తుందండీ," అన్నాడు. వేల మొక్కలు పెంచిన మనిషి ఆడపిల్ల తండ్రి కాబట్టి కుక్కిన పేనులా ఉండిపోయాడు. ఆ రోజు ఆయన మీద నాకు వచ్చిన కోపం ఇప్పటికీ పూర్తిగా పోలేదు.

తరువాత కొబ్బరికి నల్లి తెగులు వచ్చింది. కోనసీమంతా వచ్చింది. అందరి తోటల్లోనూ కాయలు గిడసబారాయి. మా ఇంట్లో మాత్రం దానికి కారణం ఈశాన్యం మూల కుళ్లుతున్న మొక్కలైంది, ఆ మొక్కలకి కారణం నా చెయ్యి అయింది. వానలు పడ్డాక, తుఫానులో పోయిన చెట్ల చోట కొబ్బరి మొక్కలు వేస్తున్నారు. ఆ ఇంట్లో మొదటి మొక్క కోడలు పెట్టడం ఆనవాయితీ. నేను గోతి దగ్గరకి వెళ్లి వంగబోతుంటే అత్తగారు నా మోచెయ్యి పట్టుకున్నారు. "నువ్వొద్దులేమ్మా. పసుపూ కుంకుమా అందించు చాలు," అన్నారు. కూలీలందరూ చూస్తున్నారు. మా ఆయన గట్టు మీద నిలబడి కాలువ వైపు చూస్తున్నాడు. కాలువలో ఏమీ లేదు.

మొక్క నాటనివ్వకపోవడం చిన్న విషయమే అంటారేమో. డిగ్రీ కాగితం పక్కన పెడితే నాకు ఇంకో విద్య లేదు. ఉన్న ఒక్కదాన్నీ నడి తోటలో తీసేసుకున్నారు.

రెండు మూడేళ్లు గడిచాయి. మరిదికి పెళ్లయింది. చిన్నకోడలి సారెలో ఫ్రిజ్ వచ్చింది. దానికి సరిపోయే పెద్ద ప్లగ్గు హాలు మొత్తంలో ఈశాన్యం మూలనే ఉంది. ఇన్నేళ్లు నేను మొత్తుకున్నా అంగుళం జరగని తొట్టి, ఫ్రిజ్ కోసం గంటలో వసారాలో తూర్పు కిటికీ దగ్గరకి పోయింది. "అదీ తూర్పే కదా, దోషం లేదు," అన్నారు మావగారు. సిద్ధాంతిని అడగనే లేదు.

పాత మొక్కల్లో మిగిలిన రెండు మోళ్లని నేనే మళ్లీ నాటాను. ఎండ ఒక్కసారిగా తగిలి అద్దాలకి పచ్చపాచి పట్టింది. కాలువలోంచి నాలుగు అంతరతామర మొక్కలు తెచ్చి పైన తేలేశాను. నీడా పడింది, పాచికి అందే బలాన్ని అవీ పంచుకున్నాయి. వారం వారం కొంత నీరు మార్చాను. శ్రావణమాసం వచ్చేసరికి మోళ్లు కొత్త ఆకులు వేసి, పక్కన పిల్లలు పెట్టి, తొట్టంతా కమ్ముకున్నాయి. పొద్దున్నే ఆకులమీద చిన్న చిన్న గాలి బుడగలు నిలిచేవి. అవి చూస్తూ నేను ఏడ్చాను, సంతోషంతోనే.

ఆ సంతోషం వినాయక చవితి దాకా కూడా నిలవలేదు. ఇంటికి వచ్చిన చుట్టాలకి అత్తగారు తొట్టి చూపిస్తూ, "మా చిన్నకోడలి హస్తవాసండి. ఇలా కాలుపెట్టిందో లేదో, అలా పచ్చబడింది," అన్నారు. సొమ్మొకడిది సోకొకడిది. నేను కాఫీ గ్లాసులు పట్టుకుని అక్కడే ఉన్నాను.

"అత్తయ్యగారూ, ఆ మొక్కలు నేను పెట్టినవండి. అవే పాత మొక్కలు," అన్నాను చుట్టాలు వెళ్లాక.

"ఇప్పుడా గొడవెందుకమ్మా? ఇల్లు పచ్చగా ఉంది. అది చాలదా నీకు?" అన్నారు.

ఆ వానల్లో మిగతా కొబ్బరి మొక్కలు వేసేటప్పుడు మొదటిది చిన్నకోడలి చేత పెట్టించారు. సాయంత్రం ఆ పిల్ల వంటింట్లోకి వచ్చి నా పక్కన నిలబడింది. "అక్కా, ఆ తొట్టిలో నేనెప్పుడూ చెయ్యయినా పెట్టలేదండి," అంది.

"ఆ మాట అత్తయ్యగారితో చెప్పు తల్లీ."

తల వంచుకుని బొటనవేలితో నేల రాసింది. "చెప్పలేనక్కా. ఈ ఇంట్లో నాకున్న మంచిపేరు అదొక్కటేనండి."

అత్త కొట్టినందుకు కాదు, తోడికోడలు నవ్వినందుకు ఏడ్చిందంటారు. ఈ పిల్ల నవ్వలేదు. నిజమే చెప్పింది. అయినా నాకు అత్తగారి మీద రానంత కోపం ఆ పిల్ల మీద వచ్చింది. పాపం, నాకు జరిగిందే తనకీ జరుగుతుందని భయపడింది. మేం వేరు కాపురం పెట్టి అమలాపురం వచ్చేసేదాకా ఆ తొట్టి నీళ్లు నేనే మార్చాను, ఆ పాచి నేనే గీకాను. ఇంటికొచ్చిన ప్రతివాళ్లూ చిన్నకోడలి చెయ్యి మంచిదన్నారు, తను మాత్రం ఎవరితోనూ కాదనలేదు.